ఆగ్నేయ మూలకు చేరిన ప్రింటర్

ప్రింటర్ లోపల ఏదో కదిలి, కాగితం అంచు బయటికి తొంగిచూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది. నవ్వేవాళ్లు నవ్వుతారు. హాలియాలో ఆ యాసంగి కోతల నాటి మధ్యాహ్నం నా పక్కన నిలబడి ఉంటే వాళ్లకూ అట్లాగే ఉండేది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా మహిళా సంఘం వడ్ల కొనుగోలు కేంద్రం నడుపుతుండగా జరిగిన సంగతి ఇది. సంఘంలో నేను లెక్కల మనిషిని. పదో తరగతితో నా చదువు ఆగింది కాని లెక్క ఆగలేదు. మా బాపు కాంటా దగ్గర పనిచేసేవాడు. ఆయన పక్కన కూర్చుని బస్తాల తూకాలు నోటితో కలుపుతూ నేర్చుకున్నదే నా చదువు. కంప్యూటర్ కూడా అట్లాగే వచ్చింది. ఒకరు చేస్తుంటే చూశాను, చేసి చెడగొట్టాను, మళ్లీ బాగుచేశాను.

మా ఆఫీసు ఒకటే పెద్ద గది. అందులో నాలుగు కంప్యూటర్లు, అన్నిటికీ కలిపి ఒకటే ప్రింటర్. ఎవరు ఏ బల్ల మీద నుంచి నొక్కినా కాగితం దానిలోంచే రావాలి. నల్లగొండ నుంచి వచ్చిన మెకానిక్ గోడ వెంట తీగలు పరిచి ఆ ఏర్పాటు చేసి పోయాడు. ఎట్లా చేశాడని మేమెవరం అడగలేదు. వస్తున్నది కదా, చాలనుకున్నాం.

ఆ ముందురోజే గదిని అటుదిటు ఇటుదటు చేశాం. మా అధ్యక్షురాలు అందరికంటే పెద్దది. ఆమె నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. వాస్తు తెలిసిన ఒకాయన చెప్పాడని, వేడి పుట్టే వస్తువు ఆగ్నేయంలోనే ఉండాలన్నది. ఇంట్లో పొయ్యి ఎక్కడుంటుందో ఆఫీసులో ప్రింటర్ అక్కడ. అధ్యక్షురాలి కుర్చీ నైరుతికి పోవాలి. చెప్పిందే తడవుగా కొంగులు నడుముకు దోపుకొని లేచాం. బల్లలు జరిపాం, బూజు దులిపాం, ఎవరి కంప్యూటర్ వాళ్లు ఎత్తుకొని కొత్త జాగాల్లో పెట్టుకున్నాం. నా బల్ల కిటికీ పక్క నుంచి ఆగ్నేయ మూలకు పోయింది. ప్రింటర్ నా పక్కకే వచ్చింది కాబట్టి దాని తీగను నా బల్ల కిందున్న కంప్యూటర్ డబ్బాకే పెట్టాను. ఒక్క వేలిముద్రల కంప్యూటర్‌ను మాత్రం ఎవరం ముట్టుకోలేదు. రైతుల వేలిముద్రలు తీసే మిషన్, కొనుగోళ్ల సాఫ్ట్‌వేర్ ఆ ఒక్కదానిలోనే ఉన్నాయి. కదిలించొద్దని మెకానిక్ మొదటిరోజే మొత్తుకొని పోయాడు.

తెల్లవారి మధ్యాహ్నానికి ఒక లారీ నిండింది. లారీ మిల్లుకు పోవాలంటే ట్రక్ షీట్ కావాలి. ఏ రైతు వడ్లు, ఎన్ని బస్తాలు, ఏ మిల్లుకు అన్నీ అచ్చులో ఉండే కాగితం అది. చేతిరాత చీటీ చూపిస్తే మిల్లు గేటే తెరవరు. వేలిముద్రల దగ్గర కూర్చునే, మేమంతా చెల్లె అని పిలిచే పిల్ల అన్నీ ఎక్కించి ప్రింట్ నొక్కింది. ప్రింటర్ ఉలకలేదు, పలకలేదు.

"ఆఫ్‌లైన్ అంటాంది అక్కా," అన్నది చెల్లె. మళ్లీ నొక్కింది. మళ్లీ మళ్లీ నొక్కింది.

అప్పుడే గుమ్మంలోకి ఒకామె వచ్చి నిలబడ్డది. పక్క ఊరి కౌలు రైతు. లారీలో పై వరుసలన్నీ ఆమె బస్తాలే. కింద వరుసలవాళ్లకు కొంత నిదానం ఉంటుంది, పై వరుసలవాళ్లకు ఉండదు. వాన పడితే మొదట తడిసేది అవే. లారీ మీది టార్పాలిన్ పట్టాకు బట్ట కంటే చిల్లులెక్కువ. కేంద్రం పట్టాలన్నీ ఇంకా తూకం కాని మిగతా రైతుల వడ్ల కుప్పల మీద ఉన్నాయి. తడిసిన బస్తాలను మిల్లువాళ్లు దింపుకోరు, వెనక్కి పంపుతారు. ఆమె పంటంతా ఆ పై వరుసల్లోనే ఉంది.

"జర తొందరగ చూడుండ్రి అక్కా. గా మబ్బు చూసిండ్రా? నల్లగ ముసురుకొస్తాంది."

ఆమె వెనక నుంచి డ్రైవర్ తల పెట్టాడు. "కాయితమిస్తరా, లేకుంటే ఇక్కడ్నే పొయ్యి పెట్టుకోమంటరా? ఆగ్నేయం ఎక్కడుందో చెప్తె చాలు." గది జరిపిన సంగతి హాలియా అంతా తెలిసిపోయినట్టుంది.

"నోరు మూసుకొని లారీ దగ్గరికి పో," అన్నది అధ్యక్షురాలు.

బాపు ఒక మాట అనేవాడు. తూకంలో తేడా వస్తే ముందు రాయి చూడు, తర్వాత కాంటా చూడు, ఆఖరుకు బస్తా చూడు. మూడూ ఒక్కసారి కదిలిస్తే తప్పు దొరకదు. నేనూ అట్లాగే మొదలుపెట్టాను. ముందు ప్రింటర్. దాని మీదున్న మీట నొక్కి పట్టుకుంటే పరీక్ష కాగితం శుభ్రంగా వచ్చింది. ప్రింటర్‌కు రోగం లేదు. తర్వాత దాని పక్కనున్న నా కంప్యూటర్, పొద్దున్నుంచి కాంటా దగ్గరే ఉండి ముట్టుకోనిది, పెట్టి ప్రింట్ ఇచ్చాను. అదీ వచ్చింది! చెల్లె చప్పట్లు కొట్టింది. కౌలు రైతు చేతులు జోడించింది. కాని వేలిముద్రల కంప్యూటర్ నుంచి నొక్కితే మళ్లీ ఆఫ్‌లైన్.

"ఈ ప్రింటర్‌నే చెల్లె దగ్గరికి మోసుకపోదాం," అన్నాను.

అధ్యక్షురాలు ఒకసారి మబ్బును, ఒకసారి ఆగ్నేయ మూలను చూసింది. "సరే, కాయితం వచ్చేదాంక. గంతే."

మోసుకపోయి తీగ పెట్టాం. సాఫ్ట్‌వేర్ మాత్రం తనకు మొదట చూపించిన దారినే పట్టుకుని కూర్చుంది. ఎదురుగా ఉన్న ప్రింటర్‌ను వదిలి, ఎక్కడో ఉన్న ప్రింటర్ దొరకడం లేదంటుంది.

"చూసినవా?" అధ్యక్షురాలి ముఖం వెలిగిపోయింది. "జాగ తప్పితే పని చెయ్యదు. నేను చెప్తనే ఉన్న!"

దాన్ని మళ్లీ ఆగ్నేయానికి మోశాం. బయట గాలి లేచింది. కుప్పల మీద పట్టాలు పటపటా కొట్టుకుంటున్నాయి. నాకు భయం వేయలేదంటే నమ్మరు. నిజానికి లోపల ఏదో ఉరకలు వేస్తున్నది. లెక్క తెగుతుందని తెలిసినప్పుడు కలిగే తహతహ అది. ప్రింటర్ మంచిదే, నా డబ్బా మంచిదే, వేలిముద్రల డబ్బా మంచిదే. అయినా కాగితం రావడం లేదంటే తప్పు ఆ మధ్య దారిలో ఉంది.

మెకానిక్‌కు ఫోన్ కలిసింది. బండి మీద ఉన్నట్టున్నాడు, గాలి చప్పుడు.

"అక్కా, ప్రింటర్ ఒక మెయిన్ సిస్టంకు ఉంటది. మిగతా మూడు దాని నుంచే అడుక్కుంటయి. గా మెయిన్ ఆన్ చేసి ఉండాలె, తీగ దానికే ఉండాలె."

"మెయిన్ ఏది తమ్మీ?"

"నేను పెట్టిననాడు కిటికీ పక్కకున్నది."

"గా సిస్టం నాదే. ఆన్ చేసే ఉన్నది, తీగ గూడ దానికే ఉన్నది."

"అయితే రావాలె గదక్కా..."

లైన్ తెగింది. మళ్లీ కలవలేదు.

నేను కుర్చీలో కూలబడ్డాను. అతను చెప్పింది తప్పు కాదు. నేను చెప్పిందీ తప్పు కాదనుకున్నాను. రెండూ నిజమైతే కాగితం రావాలి. రాలేదంటే ఒకటి అబద్ధం. ముందు నా మాటనే పరీక్షకు పెట్టుకున్నాను. ఈ డబ్బా నాదే అయితే నా లెక్కల ఫైళ్లు ఇందులో ఉండాలి కదా అని తెరిచాను.

లేవు. ఒక్కటీ లేదు! వాటి జాగాలో అధ్యక్షురాలి సమావేశాల ఫోటోలు, ఆమె మనవరాలి పుట్టినరోజు ఫోటోలు ఉన్నాయి.

ఒక్క నిమిషం ప్రాణం పోయినంత పనైంది. మరుక్షణం పట్టలేని సంతోషంతో "దొరికింది!" అని అరిచాను. గుమ్మంలో ఉన్నామె ఉలిక్కిపడ్డది.

"ఏం దొరికింది?" అన్నది అధ్యక్షురాలు.

"మనం నిన్న కంప్యూటర్లు మొయ్యలే. తెరలు మోసినం."

అది నిజం. దసరా నాడు ఆయుధ పూజకు ఎవరికి వాళ్లం మా తెర నెత్తిన బొట్టు పెట్టుకుంటాం. నా తెర మీద నా బొట్టు, అధ్యక్షురాలి తెర మీద ఆమె బొట్టు. కింద ఉండే నల్ల డబ్బాకు ఎవరం పెట్టం. అది పీటలాంటిదని మా మనసులో పడిపోయింది. నిన్న బొట్టు చూసుకుని ఎవరి తెర వాళ్లం భద్రంగా ఎత్తుకున్నాం. డబ్బాలను మాత్రం ఎవరి చేతికి ఏది వస్తే అది తోసేశాం. అన్నీ ఒక్కసారి కొన్నవే, ఒకే తీరుగా ఉంటాయి. అసలు సరుకంతా డబ్బాలోనే ఉంటుందని తెలిసిన నేను కూడా ఆ సందడిలో బొట్టునే చూసుకున్నాను.

అధ్యక్షురాలి డబ్బా నా దగ్గర ఉందంటే, నాది ఎక్కడ? నైరుతికి ఉరికాను. పెద్ద కుర్చీ ముందర, పెద్ద బల్ల కింద ఒక నల్ల డబ్బా ఉంది. మీట కూడా నొక్కి లేదు.

"పొద్దున్నుంచి పెట్టలేదా?"

"నాకేం పనే దానితోని? కుర్చీ ముందట ఉంటె నిండుగ కనవడతదని పెట్టుకున్న," అన్నది అధ్యక్షురాలు.

మీట నొక్కాను. తెర వెలిగింది. నా లెక్కల ఫైళ్లన్నీ వరుసగా, నేను పెట్టిన పేర్లతో ఉన్నాయి! పిల్లలు బడి నుంచి ఇంటికి చేరినంత తృప్తి. మెయిన్ ఇదే. ఊళ్లో లేని మనిషి ఇంటి ముందు నిలబడి తలుపు కొట్టినట్టు, చెల్లె ఇందాకటి నుంచి దీన్ని అడుగుతూనే ఉంది.

ఇక తీగ మిగిలింది. ప్రింటర్ ఆగ్నేయంలో, డబ్బా నైరుతిలో, తీగ మూరెడు. అధ్యక్షురాలు నడుము మీద చేతులు పెట్టుకుని నాకు అడ్డంగా నిలబడ్డది.

"ప్రింటర్‌ను మాత్రం జరుపొద్దు."

"ప్రింటర్‌ను జరుపనక్కా. డబ్బాను జరుపుత. డబ్బాకు ఏ మూలనో మీ వాస్తు ఆయన చెప్పిండా?"

ఆమె ఆలోచించింది. "చెప్పలే."

"అయితే పట్టు ఒక చెయ్యి."

డబ్బాను ఆపి, తీగలు ఊడదీసి, ఇద్దరం చెరో పక్క పట్టుకొని ఉరికాం. కౌలు రైతు మా వెనకే తీగలు పట్టుకొచ్చింది, పెళ్లికూతురి కొంగు పట్టుకున్నంత జాగ్రత్తగా. గోడ తీగ పెట్టాను, ప్రింటర్ తీగ పెట్టాను, మీట నొక్కాను. అది లేచేదాకా ముగ్గురం దాని తెరను, చెల్లె తన తెరను చూస్తూ ఉన్నాం. బయట ఉరిమింది.

"అక్కా, ఆఫ్‌లైన్ పోయింది!" చెల్లె కేక.

ప్రింటర్ లోపల ఏదో కదిలింది. కాగితం అంచు తొంగిచూసింది, సగం వచ్చింది, మొత్తం వచ్చింది. ట్రక్ షీట్! నేను అందుకునేలోపే అటువంటిదే ఇంకొకటి, దాని వెనక మరొకటి. ఇందాకటి నుంచి చెల్లె ఎన్నిసార్లు నొక్కిందో అన్నీ వరుస కట్టి బయటపడ్డాయి. ఒకే లోడుకు రెండు షీట్లు బయటికి పోతే రేపు లెక్క నా మెడకు చుట్టుకుంటుంది. మొదటిదానికి ముద్ర వేసి, కేక విని ఉరికొచ్చిన డ్రైవర్ చేతిలో పెట్టాను. మిగతావన్నీ అక్కడికక్కడే చించేశాను.

"గిన్ని ఇస్తున్నరు, ఇంకో లోడు గూడ కొట్టుకపోనా?" అన్నాడు డ్రైవర్.

"ముందు గీ లోడు తడవకుంట కొట్టుకపో!" అని కౌలు రైతు అతన్ని దాదాపు తోసుకుంటూ తీసుకపోయింది.

లారీ గేటు దాటుతుండగా మొదటి చినుకులు పడ్డాయి. మిల్లు దూరమేమీ కాదు. అయినా ఆమె కూర్చోలేదు. ఫోను పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డది. వాన పెద్దదైంది. చాయ్ ఇస్తే పక్కన పెట్టింది. నేను పక్కన నిలబడి లారీ వేగాన్ని, వాన వేగాన్ని మనసులో కలిపి తీసి చూస్తున్నాను. అంతలో ఫోన్ మోగింది. అవతల డ్రైవర్ గొంతు మా అందరికీ వినపడేంత పెద్దగా ఉంది.

"షెడ్ల నిలవెట్టిన. కాయితం చూసి గేటు తీసిండ్రు. దింపుతున్నరు. పై వరుస మీద నాలుగు చుక్కలు పడ్డయ్, గంతే. తీసుకుంటమన్నరు."

ఆమె ఫోను కొంగులో చుట్టి మా వైపు తిరిగింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"ఇగ కూసునుడేంది? కుప్పల మీది పట్టలు లేచిపోతానయ్, కనవడ్తలేదా?" అని అందరికంటే ముందు వానలోకి ఉరికింది. నేను, చెల్లె, అధ్యక్షురాలు ఆమె వెనకే ఉరికాం.