ఆరో మజిలీ

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగే చోట మొన్న ఒక కొత్త బట్టల దుకాణం వెలిసింది. దుకాణమంటే పెద్దదేం కాదు, రెండు బల్లలు, ఒక ఫ్యాను, బల్ల కింద మూటలు. ఆఫీసు నుంచి తిరిగొస్తూ అటు చూడకుండానే దాటిపోయేదాన్ని, సరిగ్గా అప్పుడే ఆ దుకాణం అబ్బాయి ఒక మూట విప్పాడు. కరక్కాయ వాసన గుప్పుమంది. కాస్త వగరు, కాస్త పాల వాసన. కలంకారీ గుడ్డకి అచ్చు వేసే ముందు కరక్కాయ కలిపిన పాలలో నానబెడతారు, కొత్త గుడ్డలో అది ఎంతో కొంత మిగిలే ఉంటుంది. వెనక దిగుతున్నవాళ్ళు "జర జరుగక్కా" అని విసుక్కుంటున్నా నాకు కాలు కదల్లేదు. ఆ వాసన నాకు తెలిసింది పాండురంగారావు గారి సొరుగులోంచి. రంగు వెలిసిన కలంకారీ ముక్క ఒకటి ఆయన ఎప్పుడూ అందులో మడిచి పెట్టుకునేవారు. దాని మీది అచ్చు ఎవరు చెక్కారో చాలాకాలం ఎవరికీ చెప్పలేదు, మేం అడగనూ లేదు.

మీలో ఆయన్ని చూసినవాళ్ళు ఉండరు కాబట్టి చెప్పాలి. పంజాగుట్టలో ఒక సందులో, లిఫ్టు లేని మేడ మీద, రెండో అంతస్తులో రెండు గదుల ఆఫీసు ఆయనది. మైత్రీవనం కోచింగ్ సెంటర్ల కరపత్రాలు తయారుచేయడం మా అసలు పని. ఆయన ప్రాణం మాత్రం నడక కాగితాల మీద ఉండేది. పాత ఊళ్ళకి వెళ్ళేవాళ్ళు గైడు లేకుండా, ఎవరినీ అడగకుండా, ఆ ఊరి శిల్పాలూ చేతిపనులూ తమంతట తాము చూసుకుంటూ నడవడానికి వీలుగా నాలుగు మడతల కాగితం ఒకటి. అందులో చూడవలసిన ఒక్కో చోటుని మజిలీ అనేవారు. మనిషి సన్నంగా, కుడి మోకాలికి ఎప్పుడూ పట్టీతో ఉండేవారు. సొంత ఊరు బందరు. నేను అప్పుడే మైత్రీవనంలో డీటీపీ నేర్చుకుని బయటపడ్డాను. మా నాన్న మెదక్ వైపు వ్యవసాయం వదిలేసి వచ్చి సోమాజిగూడలో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా ఉండేవాడు. ఉద్యోగం అడగడానికి పోయిన రోజు ఆయన నా సర్టిఫికెట్ చూడనే లేదు. ఒక తెల్లకాగితం ఇచ్చి, మైత్రీవనం నుంచి ఈ గదికి దారి రాయమన్నారు.

ఇదేం పరీక్షరా దేవుడా అనుకుని అయిదు నిమిషాల్లో గీకి పడేశాను. సీదా రావాలె, అరటిపండ్ల బండి కాడ లెఫ్ట్ తీసుకోవాలె, ఫలానా కోచింగ్ సెంటర్ బ్యానర్ కింద మెట్లు ఎక్కాలె. ఆయన ఆ కాగితం జేబులో పెట్టుకుని మర్నాడు పొద్దున్నే ఆటోలో మైత్రీవనం వెళ్ళి, అక్కడినుంచి దాన్ని చదువుకుంటూ నడిచి వచ్చారు. ఆ మోకాలితోనే. రమ్మన్నారని నేను ఆఫీసులో కూర్చుని ఉండగా ఫోను మోగింది.

"ఏమ్మా మంజులా, నువ్వు రాసినట్టే వచ్చాను. ఎదురుగా గోడ ఉంది. పగలగొట్టుకుని రమ్మంటావా?"

అరటిపండ్ల బండి ఆ రోజు రెండు సందులు ఇవతలే ఆగింది. బ్యానర్ని రాత్రికి రాత్రే మార్చేశారు. నాకు తల కొట్టేసినంత పనయింది, ఇక ఉద్యోగం లేనట్టే అనుకున్నాను. ఆయన మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూలబడి, గ్లాసెడు మంచినీళ్ళు తాగాక పక్కన కూర్చోమన్నారు. మెట్రో స్తంభాల మీది నంబర్లు కదలవు, అవి రాయమన్నారు. ఎత్తూ పల్లమూ రాయి, వేపచెట్టు రాయి, అడుగులు లెక్కపెట్టి రాయి అన్నారు. "కదిలేవి రాయకు. నువ్వు కాలు పెట్టని చోటు అసలే రాయకు" అన్నారు. ఆ వారమంతా నన్ను అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య తిప్పిన తిప్పుడికి రెండు చెప్పుల జతలు అరిగిపోయాయి. ఇంట్లో మా అమ్మ, చదువుకున్న పిల్లతో ఈ తిరుగుడు పనేంది అని రోజూ సణిగేది.

రెండేళ్ళ తరవాత బందరు కాగితం మొదలుపెట్టారు. గోల్కొండ నవాబుల కాలంలో మన సరుకు ఓడలెక్కింది అక్కడే కదా, ఇక్కడివాళ్ళకి ఆ ఊరు తెలియకపోతే ఎలా అనేవారు. కాగితమంతా జ్ఞాపకం మీదే రాశారు. డచ్చివాళ్ళ సమాధుల మీద చెక్కిన అక్షరాలు, కోట గోడల శిథిలాలు, చిలకలపూడి గిల్టు నగల పనివాళ్ళు, సముద్రం వెనక్కిపోగా మిగిలిన బురద నేల, కలంకారీ గుడ్డలు ఉతికే కాలువ గట్టు. ఆరోది, ఆఖరిది, కలంకారీకి చెక్క అచ్చులు చెక్కే ఒక ఇల్లు. మోకాలు సహకరించదు కాబట్టి సరిచూసి రావడానికి నన్ను పంపారు. నేను అప్పటిదాకా సముద్రం ఎరగను. బస్సెక్కేముందు ఆయన మాటిమాటికీ చెప్పింది ఒక్కటే, ఆరోది మరచిపోకు అని.

మొదటి రోజు అయిదూ నడిచాను. ఒట్టు, అడుగు అడుగునా లెక్కపెట్టాను. సమాధుల రాళ్ళ మీది లతల్ని వేలితో తడిమి చూశాను. కాలువ గట్టున ఆరేసిన గుడ్డల మధ్య నిలబడి, పంజాగుట్టలోని సొరుగు వాసన ఇక్కడిదా అని మురిసిపోయాను. రెండో రోజు చెప్పు తెగింది, మడమ మీద బొబ్బ లేచింది, ఎండ మాడు పగలగొడుతోంది. ఆరో మజిలీకి ఆటో మాట్లాడుకున్నాను. సందు మొగలో ఆటో అబ్బాయి, లోపలికి బండి పోదు, నడవాలి అన్నాడు. నేను ఆ సందుని ఒక్కసారి చూసి, బస్టాండుకి తిప్పమన్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, దారిలో దిగి లడ్డూలు మాత్రం కొన్నాను.

తిరిగొచ్చాక ఆయన లడ్డూల డబ్బా పక్కన పెట్టేశారు. అయిదు మజిలీల గురించీ చెప్తుంటే తల ఊపుతూ దిద్దుకున్నారు. ఆరోది రాగానే కలం కింద పెట్టి, కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. ఆ ముఖం చూస్తూ పోలేదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

"ఉన్నది సార్. లోపల ఉలి చప్పుడు సుత వినబడ్డది" అన్నాను.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తరవాత సొరుగులోంచి ఆ గుడ్డముక్క తీసి బల్ల మీద పరిచారు. "ఇది మా నాన్న చెక్కిన అచ్చు. ఆయన పోయాక ఆ ఇల్లు అమ్మేశాం. ఇంకా ఎవరో చెక్కుతున్నారన్నమాట" అన్నారు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. కాగితం అచ్చయింది. ఆ తరవాత కొన్ని నెలలు ఆయన నా కళ్ళకి వేరే మనిషిలా కనపడ్డారు. మెట్లెక్కి వస్తూ ఏదో కూనిరాగం తీసేవారు. వచ్చినవాళ్ళందరికీ, మా ఇంట్లో ఇంకా ఉలి చప్పుడు వినపడుతోందట అని చెప్పేవారు. ఆ మాట విన్న ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టుకుని రెండో గదిలోకి పోయేదాన్ని.

వేసవిలో ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. సనత్‌నగర్‌లో ఉంటుంది, రిటైరైన నర్సు. చేతిలో చెమటకి మెత్తబడిన మా కాగితం. తగువు పెట్టుకోవడానికి వచ్చినట్టు లేదు, నెమ్మదిగానే చెప్పింది.

"అయిదు చోట్లకీ మీ కాగితమే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిందండీ. ఆరోది మాత్రం లేదు. రాసింది తప్పు కాదేమో, నేనే సరిగ్గా చదవలేదేమోనని గంటసేపు ఎండలో ఆ సందులోనే తిరిగాను."

ఆయన లేచి నిలబడి తప్పు మాదేనన్నారు. ఆవిడకి టీ తెప్పించి, వద్దంటున్నా వినకుండా గోడ పట్టుకుంటూ రెండంతస్తులూ దిగి ఆటో ఎక్కించి వచ్చారు. ఆయన తిరిగి మెట్లెక్కుతున్న చప్పుడు వింటూ నేను కుర్చీలో బిగుసుకుపోయాను. ఆయన లోపలికి రాగానే అంతా చెప్పేశాను, చెప్పు తెగడం, ఆటో, లడ్డూలు, అన్నీ. వెక్కిళ్ళ మధ్య ఏం చెప్పానో సగం నాకే తెలియదు. ఉద్యోగం సంగతి అప్పుడు గుర్తుకే రాలేదు. ఆయన ఇంక ఆ కూనిరాగం తీయరన్నదే నా ఏడుపు.

"నువ్వన్న ఆ ఉలి చప్పుడు నాకు ఇన్నాళ్ళూ తోడుంది. అందుకని నిన్ను తిట్టడానికి నోరు రావడం లేదు" అన్నారు. "కానీ అమ్మాయ్, ఆవిడ తనని తనే అనుమానించుకుంది. అది మనం చేసిన పని."

మిగిలిన కాగితాలన్నిటి మీదా ఆరో మజిలీ దగ్గర చిన్న చీటీ అంటించాలన్నారు. చీటీ మీది మాటలు ఆయనే చెప్పారు, నేను టైపు చేశాను. "ఈ మజిలీ మేం నడవకుండా రాశాం. క్షమించండి. ఇక్కడ ఎవరినైనా అడగండి." నేను టైపు చేయడం ఆపి, మేం కాదు సార్, నడవనిది నేను కదా అన్నాను. ఇల్లు అమ్మాక ఆ సందులో అడుగు పెట్టనివాణ్ణి, నేను మాత్రం నడిచానా అన్నారు. ఎవరినీ అడగకుండా తిరగాలని అన్నేళ్ళు పట్టుబట్టిన మనిషి, అడగండి అని అచ్చు వేయించారు. ఇద్దరం రెండు రోజులు కూర్చుని అంటించాం. వేళ్ళనిండా జిగురు.

ఆ శనివారం ఆయనకి చెప్పకుండా బందరు బస్సెక్కాను. సందు మొగలో దిగి, అడుగులు లెక్కపెట్టుకుంటూ లోపలికి నడిచాను. ఇల్లు లేదు. ఆ చోట స్కూటర్లు బాగుచేసే రేకుల షెడ్డు ఉంది. మెకానిక్‌ని అడిగాను, అచ్చుల సంగతి అతనికి తెలియదన్నాడు. పక్కింటి ముసలావిడకి తెలుసు, పొద్దస్తమానం టకటకమనేదమ్మా, నిద్ర పట్టేది కాదు అంది. సోమవారం ఆఫీసులో ఇదంతా ఆయన ముందు పెట్టాను, ఒక్క మాట ఎక్కువ చేర్చలేదు. ఏడుస్తారేమో అనుకున్నాను. షెడ్డు గుమ్మం ఎటువైపు, మధ్యాహ్నం నీడ ఎటు పడుతుంది, నిలబడితే మెకానిక్ విసుక్కుంటాడా అని వరసగా అడిగారు. అన్నిటికీ చెప్పగలిగాను. తరవాతి ముద్రణకి ఆరో మజిలీ మళ్ళీ రాశారు. "ఇక్కడ అచ్చులు చెక్కే ఇల్లు ఉండేది. ఇప్పుడు స్కూటర్ల షెడ్డు. చప్పుడు అప్పుడూ ఉండేది, ఇప్పుడూ ఉంది. నీడ ఉంటుంది, కాసేపు నిలబడండి." రాసి, కాగితం నా వైపు తిప్పి, ఈసారి సరిపోయిందా అని అడిగారు. నన్ను అడిగారు.

ఇప్పుడు ఆ ఆఫీసు లేదు. నేను సోమాజిగూడలో యాత్రికుల పుస్తకాలు వేసే చోట పనిచేస్తున్నాను. నా కింద పనిచేసే పిల్లలు, మేడం ఫోన్‌లో మ్యాపు ఉంది కదా, ఎండలో నడుచుడేంది అని గొణుగుతారు. గొణగనీ, నడిపిస్తాను. మొన్న ఆ దుకాణంలో చిన్న ముక్క ఒకటి తీసుకుని నా సొరుగులో పెట్టుకున్నాను.

పాండురంగారావు గారు కిందటేడు వానాకాలంలో, ఆసుపత్రిలో పోయారు. చివరి గంటలో నవ్వారని ఒకరన్నారు, నాన్నని పిలిచారని ఇంకొకరన్నారు. వింటుంటే నాకూ చెవిలో ఉలి చప్పుడు వినపడ్డట్టే అయింది, రాసేస్తే ఎంత బాగుంటుందో అనిపించింది కూడా. కానీ ఆ వేళకి నేను లక్డీకాపూల్‌లో మా పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. ఆ గదిలో నేను లేను. అందుకని అది రాయను. అక్కడినుంచి మాత్రం మీరు ఎవరినైనా అడగండి.