ట్రీవా స్టిడమ్ బీమా పరీక్ష

మా కౌంటీలో ఎవరైనా పోతే మొదటి కబురు పాస్టరుకు వెళ్తుందని బయటివాళ్లు అనుకుంటారు. వెళ్లేది ట్రీవా స్టిడమ్‌కు. ఆమె హైస్కూలు వంటశాలలో పెద్ద వంటమనిషి. ఈ కొండల్లో చావు ఖర్చుకు సరిపడా డబ్బు ఏ ఇంట్లోనూ ఉండదు. అందుకని మర్నాటికల్లా పెట్రోలు బంకు కౌంటరు మీద చందాలకని ఖాళీ ఊరగాయ సీసా ఒకటి వెలుస్తుంది. దానికి పోయినవాడి ఫోటో అంటించి ఉంటుంది, ఏ చేపనో ఎత్తి పట్టుకుని నవ్వుతూ. శనివారం ఫైరింజను షెడ్డులో చిక్కుడుగింజల భోజనం. పంది మాంసం ముక్క వేసి ఉడికించిన గింజలు, మొక్కజొన్న రొట్టె, పచ్చి ఉల్లిపాయ, చివర్న అరటిపండు పుడ్డింగు. తిన్నవాళ్లు తోచింది వేసి వెళ్తారు.

మా కౌంటీ పత్రిక ఏటా ఈ భోజనాలను మెచ్చుకుంటూ రాస్తుంది. లెక్సింగ్టన్ నగరం నుంచి వచ్చిన ప్రొఫెసర్లు కూడా రాశారు. కొండ మనుషుల ఐకమత్యం, ఇచ్చిపుచ్చుకునే సంస్కృతి, అవీ ఇవీ. పేదరికానికి సంస్కృతి అని పేరు పెడితే చూసేవాళ్లకు చాలా హాయిగా ఉంటుంది. ఆ గుండిగలు తోమినవాళ్లెవరూ అలాంటి వ్యాసం రాసినట్టు నేను చూడలేదు.

గుండిగలు తోమేది ట్రీవా, ఆమెతో పనిచేసే లెస్టా. పోయిన శరత్కాలంలో బొగ్గు లారీ తోలే ఆర్విల్ గుండె ఆగి పోయాడు. ముప్పై అయిదు కూడా నిండలేదు. అతని పేర భోజనం పెట్టిన రోజు ట్రీవా వడ్డిస్తూ వడ్డిస్తూ గుమ్మం వైపు చూసింది. ఆర్విల్ భార్య చంకలో పిల్లతో అక్కడ నిలబడి, తిని వెళ్తున్న ప్రతి మనిషికీ థాంక్స్ చెబుతోంది. కూర్చోమంటే కూర్చోదు. ఎవరైనా థాంక్స్ అందకుండా వెళ్లిపోతారేమోనని ఆమె భయం.

ఆ సాయంత్రం గుండిగలో తలదూర్చి తోముతూ ట్రీవా అంది: "ఇంక చాలే లెస్టా. చచ్చినవాళ్లకి వండటం ఇదే ఆఖరు."

"మరేం చేస్తావ్?"

"బతికుండగానే పట్టుకుంటా."

"ఎవర్నే?"

"అందర్నీ. హోబర్ట్ గారి ఆఫీసులో ఏజెంటుగా చేరతా."

లెస్టా చేతిలో గరిట జారి నీళ్లలో పడింది. "నువ్వా? నీకు లెక్కలు రావు కదే! పుడ్డింగులో చక్కెర కూడా చేత్తోనే వేస్తావ్."

"ఆ పుడ్డింగు నువ్వెప్పుడైనా మిగిల్చావా?"

హోబర్ట్ నేపియర్‌ది మా ఊళ్లో ఉన్న ఒకే ఒక్క బీమా ఆఫీసు, మంగలి షాపు పక్కన. ఆయన మోకాళ్లు అరిగిపోయాయి, వేసవిలో పని మానుకుంటున్నాడు. ఈలోగా ఊరివాళ్లెవరైనా లైసెన్సు తెచ్చుకుంటే కంపెనీ ఆ కుర్చీ వాళ్లకిస్తుంది. లేకపోతే తలుపు మూసి, దానిమీద ఒక ఫోన్ నంబరు అంటిస్తుంది. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఏం జరుగుతుందో మావాళ్లకు తెలుసు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది, మనం పెట్టేస్తాం.

"రాష్ట్రం పరీక్ష పెడుతుంది ట్రీవా. జీవిత బీమా, ఆరోగ్య బీమా రెండూ కలిపి. తేలికనుకోకు," అన్నాడు హోబర్ట్, ఇటుకంత పుస్తకం ఆమె చేతిలో పెడుతూ. "స్కూలుకి సెలవులిచ్చేలోగా పాసవ్వాలి. ఆ తర్వాత నేను చెప్పినా కంపెనీ వినదు."

"వింటారులెండి హోబర్ట్ గారూ. మీరు కుర్చీ మీద దుమ్ము దులిపి ఉంచండి."

చలికాలమంతా చదువు వంటశాలలోనే సాగింది. ట్రీవా బంగాళాదుంపలు తరుగుతుంటే లెస్టా పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగేది. పేజీల మధ్య పిండి, అట్ట మీద వెన్న మరకలు.

"గ్రేస్ పీరియడ్ అంటే?"

"ప్రీమియం కట్టడం ఆలస్యమైనా పాలసీ ఊపిరితో ఉండే గడువు."

"మా ఆయనకి నేనిచ్చినట్టు."

"నువ్విచ్చింది గడువు కాదే తల్లీ, యావజ్జీవం."

మధ్యాహ్న భోజనానికి వరసలో నిలబడ్డ పిల్లలు కూడా వింటూండేవారు. టర్మ్ పాలసీకీ హోల్ లైఫ్ పాలసీకీ తేడా ఏమిటో మా స్కూలు ఫుట్‌బాల్ జట్టుకు తెలుసు. వేరే ఏ జట్టుకు తెలిసినా తెలియకపోయినా మాకు గర్వమే.

ఆదివారం చర్చి మెట్ల మీద మా పాస్టరు బ్రదర్ క్లెల్ ఆమెను ఆపాడు. మంచివాడే, గొంతే కాస్త పెద్దది.

"ఏంటి సిస్టర్ ట్రీవా, చావు మీద వ్యాపారం మొదలెడుతున్నావంటగా? మనవాళ్లని మనం చూసుకుంటాం. పైన దేవుడున్నాడు."

"చర్చి కప్పుకి బీమా ఉందిగా బ్రదర్ క్లెల్?"

"ఉంది. మొన్న పిడుగు పడ్డప్పుడు..."

"ఆ పిడుగు పంపిందెవరు?"

మెట్ల మీద ఉన్నవాళ్లు దగ్గు నటించారు. బ్రదర్ క్లెల్ అందరికన్నా గట్టిగా నవ్వి, "సరే తల్లీ, పాసై రా, నాదే మొదటి పాలసీ" అన్నాడు. ఆయన ఎప్పుడూ చివరి మాట తనదే చేసుకుంటాడు.

మార్చిలో ట్రీవా పరీక్షకు వెళ్లింది. ఫెయిలైంది.

దగ్గరదాకా వచ్చి ఫెయిలైంది. ఏ భాగంలో ఎంత వచ్చిందో కాగితం మీద అచ్చు వేసి ఇస్తారు. హోబర్ట్ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చదివాడు. పాలసీల రకాలు, చెల్లింపులు, వైద్య ఖర్చులు అన్నీ బ్రహ్మాండం. ఏజెంటు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అనే భాగంలో మాత్రం ఇల్లు కూలిపోయింది. ఆయన తన దగ్గరున్న పుస్తకం తీసి అక్కడికక్కడే అడిగాడు.

"కస్టమరు దగ్గర మొదటి ప్రీమియానికి డబ్బు తగ్గింది. ఏజెంటు జేబులోంచి వేసి కట్టేశాడు. వాణ్నేమంటారు?"

"పెద్దమనిషి అంటారు."

"రిబేటు ఇచ్చాడంటారు ట్రీవా. లైసెన్సు పీకేస్తారు. సరే, ఇంకోటి. మీ పక్కింటి ముసలాయనకి నా అన్నవాళ్లు లేరు. ఆయన పేర నువ్వు పాలసీ తీసుకోవచ్చా?"

"ఎందుకు తీసుకోకూడదు? ఆయన పోతే పూడ్చేది ఎవరు, నేనేగా?"

"అతను పోతే నీకు నష్టం ఉండాలి. భార్యో, బిడ్డో, వ్యాపారంలో భాగస్వామో అయుండాలి. లేకపోతే వాడు ఎప్పుడు పోతాడా అని కనిపెట్టుకుని కూర్చునేవాళ్లు తయారవుతారు."

ట్రీవా మా కొండల్లో అలాంటివాళ్లు ఎవరున్నారా అని వెతికింది. ఒకరిద్దరు దొరికారు కూడా.

"నీ మనసు మంచిది. ఈ మనసుతో ఏజెంటువైతే ఏడాది తిరక్కుండా కోర్టులో ఉంటావ్," అన్నాడు హోబర్ట్. "వాళ్లు అడిగేది పొరుగింటిదాన్ని కాదు. వాళ్లు అడిగేది ఏజెంటుని."

తెలివి చాలక ఫెయిలైతే ఇంకాస్త చదువుకోవచ్చు. నలభై ఏళ్లుగా బతికిన తీరు వల్ల ఫెయిలైతే ఏం చేయాలి? ట్రీవా మొదట చేసిన పని కోపం తెచ్చుకోవడం. రెండు రోజులు స్కూలు పిల్లలకు రొట్టెలు మాడాయి. మూడో రోజు ఆ భాగం మళ్లీ మొదటినుంచి తీసింది. ఈసారి ప్రతి నిబంధన దగ్గరా ఆగి, ఇది ఎవరి ఏడుపు చూసి రాశారు అని అడుగుతూ చదివింది. కొన్నింటికి జవాబు దొరికింది. కొన్ని ఎవరో పనిలేక రాసినవని ఇప్పటికీ అంటుంది. అవి మాత్రం బట్టీ పట్టింది.

లెస్టాతో గొడవ వచ్చింది అప్పుడే. ఒక పొద్దున పిండి పిసుకుతూ లెస్టా గొంతు తగ్గించి అంది.

"లైసెన్సు రాగానే మొదట మా ఆయనకి రాయాలే నువ్వు. షుగరు సంగతి మాత్రం రాయకు."

"రాయకుండా ఎలా? ఫారంలో అడుగుతారు."

"అడుగుతారు, లేదని రాస్తావ్. ఆయనకి షుగరని మా అత్తకే తెలీదు. ఊరంతా తెలిస్తే తలెత్తుకోడు. పైగా ప్రీమియం పెరుగుతుందిట కదా."

వెనకటి ట్రీవా అయితే నవ్వి సరేననేది. ఈ ట్రీవా కత్తి పక్కన పెట్టింది.

"విను లెస్టా. నువ్వు లేదని రాయిస్తావ్. ఏడాది కడతావ్. ఆయనకేదో అవుతుంది, దేవుడు చల్లగా చూడాలి. కంపెనీ ఆసుపత్రి కాగితాలు తెప్పిస్తుంది. మొదటి రెండేళ్లలో అబద్ధం బయటపడితే నువ్వు కట్టింది నీ మొహాన కొట్టి వెళ్లిపోతుంది. అప్పుడు షెడ్డు గుమ్మంలో నిలబడి అందరికీ థాంక్స్ చెప్పేది నువ్వు."

"మా ఆయన్ని చంపేస్తున్నావేంటే పొద్దున్నే!"

"చంపట్లేదు. రాయననట్లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తానంటున్నా."

"ఇన్నేళ్లు నీ పక్కన నిలబడి వండాను. నాకోసం ఒక్క ముక్క వదిలెయ్యలేవు."

"నీకోసమే వదల్లేను."

లెస్టా ఏప్రను విప్పి మేకుకు తగిలించి వెళ్లిపోయింది. తర్వాత పనికి వచ్చింది గానీ పుస్తకం ముట్టలేదు. ట్రీవా ఒక్కతే ప్రశ్నలు అడుక్కుని ఒక్కతే జవాబులు చెప్పుకునేది. ఈ లైసెన్సు వల్ల ముందుముందు ఎంతమంది ఇలా మొహం తిప్పుకుంటారో ఆమెకు ఆ రోజుల్లోనే అర్థమై ఉంటుంది. అయినా మాట మార్చుకోలేదు. నన్నడిగితే ఆమె అసలు పరీక్ష అక్కడే పాసైంది. రాష్ట్రం మాత్రం దానికి మార్కులు వేయదు.

ఏప్రిల్ నెలాఖర్లో ఒక మధ్యాహ్నం లెస్టా వచ్చి పుస్తకం లాక్కుంది. "ఎక్కడున్నావ్?"

"మాయమాటలు చెప్పి పాత పాలసీ రద్దు చేయించి కొత్తది అంటగట్టడం దగ్గర."

"అది నేరమా?"

"నేరం."

"నా మొదటి మొగుడు చేసింది అదేగా," అంది లెస్టా. సారీ చెప్పుకోవడం ఇద్దరికీ అలవాటు లేదు.

స్కూలు సెలవులకు ముందే, రెండోసారి పరీక్షకు ట్రీవాను లెస్టాయే తన పికప్ ట్రక్కులో తీసుకెళ్లింది. పరీక్ష కేంద్రం పక్క పట్నంలో, గోళ్లకు రంగులేసే దుకాణానికీ పన్నుల ఆఫీసుకూ నడుమ ఉంది. అక్కడ జేబులు తిరగేసి చూపించాలి, కళ్లజోడు తీసి ఇవ్వాలి, చొక్కా చేతులు మడిచి ఏమీ రాసుకోలేదని చూపించాలి. ట్రీవా ముంజేతుల నిండా ఓవెను తగిలిన పాత మచ్చలు. చూసే అమ్మాయి కంగారుపడి, "అయ్యో, ఏమయ్యాయండీ ఇవి?" అంది.

"మీవంటి పిల్లలకి రొట్టెలు చేశాను," అంది ట్రీవా, చేతులు రెండువైపులా తిప్పి చూపిస్తూ.

లెస్టా పికప్‌లో కూర్చుని తెచ్చుకున్న బిస్కెట్లన్నీ తినేసింది. సగం ట్రీవా వాటా. ట్రీవా బయటికి వచ్చేటప్పుడు నడక చూసి లెస్టా ఏమీ పోల్చుకోలేకపోయింది. ట్రీవా ఎప్పుడూ బరువైన గిన్నె మోస్తున్నట్టే నడుస్తుంది. వచ్చి తలుపు తీసి, ఎక్కి కూర్చుని, బెల్టు పెట్టుకుంది.

"చెప్పి చావవే!"

"పాస్."

లెస్టా హారను మీద చెయ్యి వేసి తియ్యలేదు. గోళ్ల దుకాణంలోంచి ఒకావిడ తడి వేళ్లు గాల్లో పెట్టుకుని బయటికి పరుగెత్తుకొచ్చింది. లెస్టా కిటికీలోంచి తల పెట్టి, "మా ట్రీవా పాసైంది!" అని అరిచింది. ఆవిడకు ట్రీవా ఎవరో తెలియదు, అయినా తడి వేళ్లతోనే చప్పట్లు కొట్టింది.

పెద్ద రోడ్డెక్కాక లెస్టా మొదలుపెట్టింది. "ఏమడిగారు? జేబులోంచి కట్టేది వచ్చిందా?"

"చెప్పకూడదు."

"ఏంటి?"

"ప్రశ్నలు బయట చెప్పకూడదు. సంతకం పెట్టాను."

"పోయినసారీ పెట్టావుగా! వచ్చీ రాగానే కక్కేశావ్, వంటశాలంతా విన్నాం."

"పోయినసారి ఫెయిలయ్యాను."

"నాకు కూడా చెప్పవా? చలికాలమంతా నీకు అడిగింది నేనేగా!"

"నీకు కూడా."

"ఒక్కటి. చిన్నది."

"రోడ్డు చూసి తోలు."

లెస్టా మూతి బిగించింది. ఒక కొండ దాటింది, గని మూతపడ్డ మలుపు దాటింది, బ్రదర్ క్లెల్ బావమరిది టైర్ల షాపు దాటింది. ఊరి బోర్డు కనిపిస్తుండగా లెస్టా వేగం తగ్గించింది.

"నాకే చెప్పనిదానివి, మా ఆయన సంగతి ఊళ్లో ఎందుకు చెబుతావులే," అంది, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా. "రేపు సాయంత్రం ఫారం పట్టుకుని రా. ఆయన షుగరు మందులన్నీ బల్ల మీద పెడతాను. ఎంత పెరిగితే అంత కడతాం. రాసుకో."

"రేపు రాను."

"మళ్లీ ఏమొచ్చిందే?"

"పరీక్షే పాసయ్యాను. లైసెన్సు ఇంకా చేతికి రాలేదు. అది రాకుండా ఫారం పట్టుకొస్తే నేరం," అంది ట్రీవా. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో ఉన్న వెలుగు చూశాకే నేరం అనే మాటకు అంత అందముంటుందని తెలిసిందని లెస్టా తర్వాత అందరికీ చెప్పింది. "కాఫీకైతే ఇప్పుడే వస్తాను. బండి పోనీ."