యూనివర్స్ దాటితే లింగంపల్లి

మా బాపు పోయిన నాలుగో నెలలో మా పాప తన క్లాసు పిల్లవాడిని స్టీలు నీళ్ల సీసాతో కొట్టింది. స్కూలు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను హైటెక్ సిటీ ఆఫీసులో కూర్చుని ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతుకుతున్నాను. నా ఉద్యోగమే అది. పద్నాలుగేళ్లుగా పక్కవాళ్ల తప్పులు పట్టి జీతం తీసుకుంటున్నాను. ఆఫీసులో దీన్ని టెస్టింగ్ అంటారు, మా ఇంట్లో ఏవేవో అంటారు.

"కంగారేమీ లేదు మేడం. బాబు నుదుటి మీద చిన్న బొప్పి కట్టిందంతే. ఎందుకు కొట్టిందో మాత్రం మీరొచ్చి వింటే బాగుంటుందండి" అంది టీచరు. రెండో తరగతి పిల్లలు ఎందుకు కొట్టుకుంటారు, పెన్సిల్ కోసమో కిటికీ పక్క సీటు కోసమో అయి ఉంటుందనుకున్నాను. కాదట. విశ్వం అంచు దాటితే ఏముంటుందనే విషయంలో అభిప్రాయభేదం వచ్చిందట.

ఆ అభిప్రాయభేదానికి మూలపురుషుడు మా బాపు, అసలు దోషిని నేను. అది చెప్పాలంటే నాలుగు నెలలు వెనక్కి వెళ్లాలి.

బాపు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఐదేళ్లుగా తెల్లాపూర్‌లో మా దగ్గరే ఉండేవాడు. మా గేటెడ్ కమ్యూనిటీని డిపో అనేవాడు. "ఒక్కటే గేటు, లోపల లైన్ల నిలవెట్టిన బండ్లు, పోయెటప్పుడు వచ్చెటప్పుడు ఎంట్రీ. డిపో గాకుంటె ఏంది బిడ్డా?" అనేవాడు. రోజూ పొద్దున మనవరాలిని స్కూలు బస్సు ఎక్కించే పని ఆయనదే. పిల్లలంతా కూర్చున్నారో లేదో కిందినుంచే చూసి, బస్సు ఒంటి మీద రెండుసార్లు చరిచి "రైట్ రైట్" అంటే తప్ప డ్రైవరు కదిలేవాడు కాదు. ఆ డ్రైవరుకు ఆయన ఎవరని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

గచ్చిబౌలి దవాఖానలో ఆయన ఆఖరి రోజున నేను వరండాలో కాల్‌లో ఉన్నాను. మా సాఫ్ట్‌వేర్ ఆ రోజే విడుదల. డాక్టరు బయటికి వచ్చి నా వైపు నడుస్తుంటే, చూపుడు వేలు ఎత్తి ఒక్క నిమిషం ఆగమన్నాను. పాపం ఆగాడు. చేతులు కట్టుకుని, నేను ఒక బటన్ రంగు గురించి మాట్లాడటం పూర్తిచేసేదాకా నిలబడ్డాడు. ఆ నిమిషం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. టీం గ్రూపులో నాన్నగారు ఇక లేరు, సెలవు కావాలి అని పెడితే, ఏడుగురు బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు. ఒకాయన నోటెడ్ అన్నాడు.

ఇంటికొచ్చి పాపను దగ్గరికి తీసుకుని "తాత పోయిండు బిడ్డా" అన్నాను. అది నా మొహం కేసి చూసి చాలా మామూలుగా "ఏడికి?" అంది.

తప్పు దానిది కాదు. అది ఇంగ్లీషు మీడియంలో పెరుగుతున్న పిల్ల, పోవడమంటే దానికి వెళ్లడమే. మన దగ్గర మనుషులు చావరు కదా. పోతారు, లేకుండా పోతారు, కాలం చేస్తారు, స్వర్గస్థులవుతారు. చావనే మాటను మిగతా అన్నిటికీ ధారాళంగా వాడుకుంటాం. పనితో చస్తున్నాం, నవ్వలేక చచ్చాం, ఈ ట్రాఫిక్‌లో పడి చచ్చాను అని రోజుకు పదిసార్లు చస్తాం. నిజంగా చచ్చిన మనిషి దగ్గర మాత్రం ఆ మాట నోటికి రాదు. నాకూ రాలేదు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి "చుక్కల అవతలికి" అన్నాను. ఒక్క గడి ఉన్న ఫారానికి వంద పరీక్షలు పెట్టేదాన్ని, ఆ జవాబును ఒక్కసారి కూడా పరీక్షించకుండా విడుదల చేశాను.

నెల తిరక్కుండా మొదటి ఫిర్యాదు వచ్చింది. "అమ్మా, చుక్కలన్నీ అయిపోయినంక ఏముంటది?"

నిజానికి నా వృత్తికి ఇంతకంటే దగ్గరి ప్రశ్న లేదు. మేము పరీక్షించేది ఎప్పుడూ అంచుల దగ్గరే. వయసు గడిలో ఒకటి నుంచి నూట ఇరవై దాకా పడుతుందని రాసి ఉంటే, మధ్యలో ఉన్న ముప్ఫై ఐదుతో మాకు పనిలేదు. సున్నా కొడతాం, నూట ఇరవై ఒకటి కొడతాం. అంచు దాటగానే ఏదో ఒకటి జరగాలి. కనీసం ఎర్రక్షరాల్లో ఇది చెల్లదు అనైనా రావాలి. ఏమీ రాకపోతే అది తప్పే, రాసి పంపుతాం.

మా ఆఫీసులో ఖగోళం పిచ్చి ఉన్న ఆర్కిటెక్టు ఒకాయన ఉన్నాడు. ఇళ్లు కట్టే ఆర్కిటెక్టు కాదు, సాఫ్ట్‌వేర్‌కు నక్షా గీసే పెద్ద మనిషి. బాల్కనీలో టెలిస్కోపు పెట్టుకున్నాడు, అందులోంచి ఎదురు టవర్ తప్ప ఏమీ కనిపించదని తనే చెబుతాడు. భోజనాల దగ్గర ఆయన్ని అడిగాను.

"అసలు క్వశ్చనే రాంగండి. యూనివర్స్‌కి ఎడ్జ్ ఉందని ఎవరన్నారు?" అన్నాడు. నేను పట్టిన ప్రతి తప్పుకూ డెవలపర్లు మొదట చెప్పే మాట ఇదే. అలవాటైనదాన్ని కాబట్టి వదల్లేదు. అప్పుడు పెరుగన్నం కలుపుకుంటూ ఓపిగ్గా చెప్పాడు. అంచు ఉన్నది మన చూపుకేనట. ఇప్పటిదాకా ఎంత దూరం నుంచి వెలుగు మనల్ని చేరగలిగిందో అంతవరకే మనకు కనిపిస్తుంది. దాని అవతలా బహుశా ఇలాంటిదే ఉంటుందట, ఇవే చుక్కలు, ఇదే చీకటి. ఎక్కడిదాకా ఉందో ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియకపోవచ్చు కూడా. "అంటే ప్రత్యేకంగా ఏమీ ఉండదా?" అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో, తన డబ్బాలోని ఆవకాయ ముక్క నా ప్లేటులో వేశాడు.

ఇలాంటిదే ఇంకా ఉంటుందని ఇంట్లో ఎలా చెప్పను? తాత అక్కడ ఏం చేస్తాడు? రేపు చెబుతాలే అని రోజులు దాటేశాను. ఈలోగా క్లాసులో ఆకాశం పాఠం వచ్చింది. తాత యూనివర్స్ అవతల ఉన్నాడని మా పాప చెప్పింది. అవతల ఏమీ ఉండదు, మా డాడీ చెప్పాడు అన్నాడు ఆ పిల్లవాడు. ఏమీ లేకపోతే తాత కూడా లేనట్టే అని లెక్క తేలింది, సీసా లేచింది.

"మీరే నెమ్మదిగా చెప్పాలండి. పిల్లలకి మనం క్లారిటీ ఇవ్వాలి కదా" అంది టీచరు. అలాగేనని తలూపి, ఆ పిల్లవాడికి మా పాప చేత సారీ చెప్పించి, ఆటో ఎక్కాం.

గచ్చిబౌలిలోని స్కూలు నుంచి మా ఇంటికి దారి చాలాసేపు యూనివర్సిటీ గోడ వెంబడే సాగుతుంది. పాప ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. కొంతసేపటికి, నేను భయపడుతున్నట్టే, అడిగింది.

"అమ్మా, నిజంగ చెప్పు. యూనివర్స్ దాటినంక ఏముంటది?"

నేను నోరు తెరిచేలోగా ముందు నుంచి ఆటో డ్రైవరు అందుకున్నాడు. "యూనివర్సిటీ దాటినంకనా పాపా? లింగంపల్లి."

పాప నిటారుగా లేచి కూర్చుంది. "మీరు చూసిండ్రా?"

"చూసుడేంది, దినాం పోతనే ఉంట."

"ఆడ తాతలుంటరా?"

"మస్తుమంది ఉంటరు. రేల్ టేషన్ కాడ పొద్దంత కూసునేదే తాతలు."

ఎంత పెద్ద చదువు చదివినా ఆర్కిటెక్టు చెప్పిందీ ఇదే కదా, అవతల కూడా ఇలాంటిదే ఉంటుందని. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ పాప వైపు తిరిగితే అది నవ్వడం లేదు. నా చెయ్యి పట్టుకుని "పోదామమ్మా" అంది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. తెల్లాపూర్‌కు తిరిగే మలుపు వచ్చింది. నేను పిరికిదాన్ని. "లింగంపల్లికే పోనియ్యి అన్నా" అన్నాను. ఆయన అద్దంలోంచి ఓసారి చూసి "మీ ఇష్టమక్కా" అని నేరుగా పోనిచ్చాడు.

స్టేషన్ బయట ఆయన్ని ఉండమని దిగాం. మధ్యాహ్నం కాబట్టి ఆఫీసు జనం లేరు. జామకాయల బండి, దాని నీడలో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు. కాసేపు తిప్పి, జామకాయ కొనిచ్చి ఇంటికి తీసుకుపోదామని నా ఎత్తుగడ. అది మాత్రం పని మీద వచ్చిన మనిషిలా ఒక్కొక్కరి ముందుకూ వెళ్లి, మొహం చూసి, తర్వాతి వాళ్ల దగ్గరికి పోతోంది. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు, అది నిజంగా వెతుకుతోందని.

ఖాకీ ప్యాంటు వేసుకున్న ఒకాయన చేతిసంచితో మెట్లవైపు పోతున్నాడు. వెనకనుంచి నడక అచ్చం బాపుదే. "తాతా!" అని అరుస్తూ పాప పరిగెత్తి చొక్కా పట్టుకుంది. ఆయన తిరిగాడు. మొహం వేరే.

"ఏంది బిడ్డా, తప్పిపోయినవా?"

"నేను కాదు. మా తాత తప్పిపోయిండు."

ఆయన సంచి కింద పెట్టేశాడు. నేను చేరుకునేసరికి, "ఎట్లుంటడమ్మా? ఏం బట్టలేసుకున్నడు? ఠాణాల చెప్పిండ్రా?" అని మొదలుపెట్టాడు. జామకాయలమ్మే ఆమె తక్కెడ వదిలి వచ్చింది. "ఎప్పటిసంది కనవడ్తలేడు?" అంది. "నాలుగు నెలల సంది" అంది పాప. "నాలుగు నెల్లా!" అని ఆమె నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. మా ఆటో ఆయన కూడా దిగొచ్చి, రైల్వే పోలీసుల్లో తనకు తెలిసినాయన ఉన్నాడని ఫోన్ తీశాడు. నాలుగు నెలల్లో మా బాపు కోసం ఇంతమంది పరేషాన్ అవ్వడం అదే మొదటిసారి.

"ఆగుండ్రి" అన్నాను. "మా బాపు తప్పిపోలే. చచ్చిపోయిండు."

ఆ మాట నా నోటితో అప్పటిదాకా అనలేదు. అన్నాక అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయి ఏడ్చాను. దవాఖానలో ఏడవలేదు, పదోరోజున ఏడవలేదు. జామకాయలామె నా భుజం మీద చెయ్యేసి, "గట్ల అనొద్దు తల్లీ, పోయిండనాలె" అని సర్దిచెప్పింది.

అందరూ మెల్లగా పక్కకు జరిగారు. పాప వచ్చి నా పక్కన కూర్చుంది.

"చచ్చిపోయిండంటే డెడ్ ఆ అమ్మా?"

"ఊఁ."

"మరి పోయిండన్నవ్?"

"అట్లనే అంటరు బిడ్డా."

"రాంగ్ కదా అది."

"రాంగే."

"చుక్కల దగ్గర లేడా? అవతల కూడా లేడా?"

"అవతల ఏముందో నాకు తెల్వదు. ఎవరికీ తెల్వదు. తాత మాత్రం రాడు. ఎంత దూరం పోయినా దొరకడు."

ఏడుస్తుందనుకున్నాను. చాలాసేపు బూటు కొనతో నేల గీకింది. తర్వాత అడిగింది, "అయితే ఇగ దేవులాడుడు వద్దా?"

"వద్దు. ఇగ వెతకకు."

"రోజూ స్కూల్ బస్ కిటికీల నుంచి చూస్తున్న. పోయేటప్పుడు ఒక సైడు, వచ్చేటప్పుడు ఇంకో సైడు." మెడ మీద చెయ్యి పెట్టుకుంది. "మస్తు నొస్తది."

నాలుగు నెలలు. నేను ఇతరుల తప్పులు వెతుక్కుంటుంటే, నా తప్పును పట్టుకుని అది ఊరంతా వెతికింది.

తిరుగు దారిలో ఆటోలో నా కుడి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఎన్నో రోజుల తర్వాత నిద్రపోయినట్టు నోరు తెరుచుకుని పడుకుంది. నేను ఎడమ పక్క ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్ల మొహాలు ఒక్కటీ వదలకుండా చూస్తూ వచ్చాను. కుడి పక్కకు తిరిగితే అది లేస్తుందని తిరగలేదు.