ఒక్క ‘ఆయ్’తో కదిలిన ఊరేగింపు

మా పెదనాన్న సత్యప్రసాద్‌గారికి క్లారినెట్ నేర్పింది అమలాపురంలో ఉండే ఒక రిటైరైన పోలీసు బ్యాండు ఆయన. పదహారేళ్ళకే పెళ్ళిళ్ళలో వాయించడం మొదలుపెట్టి, పెద్ద బ్యాండులో ఇరవై ఏళ్ళు చేశారు. తర్వాత అక్కడికి కీబోర్డు వచ్చింది. ప్రతి పాటా రికార్డులో ఉన్నట్టే వాయించమన్నారు. ఆయనకది కుదరలేదు. పల్లవి మూడోసారి వచ్చేసరికి ఆయన వేళ్ళు ఊరుకోవు, కొత్త దారి వెతుక్కుంటాయి. బయటికొచ్చి, ఏడుగురితో సొంత బ్యాండు పెట్టుకున్నారు. మైకు లేదు, ముందు కాగితం లేదు. ఆయన "ఆయ్" అంటే డ్రమ్ము మొదలవ్వాలి. అంతే.

డీజేలు వచ్చాక, పిలిచినవాళ్ళే బ్యాండును ఫొటోల వరకు నిలబెట్టి ఆనక పక్కన కూర్చోబెట్టేవారు. ఈ వేసవిలో పలివెల పెళ్ళికి బయల్దేరుతూ డ్రమ్ము వాయించే శ్యామ్ బాబు చెప్పేశాడు.

"ఇక్కడా కూర్చోబెడితే నేను మస్కట్ పోతానండి మాస్టారూ. బ్యాండు మూసేద్దాం. మిగతావాళ్ళదీ అదే మాట."

పెదనాన్న క్లారినెట్ తుడుచుకుని పెట్టెలో పెట్టుకున్నారు.

బ్యాండు కోట్లు కుట్టింది నేనే కాబట్టి, ఎలా అమిరాయో చూద్దామని వెంట వెళ్ళాను. ఊరేగింపు కదలబోతుండగా పెళ్ళికొడుకు మేనమామ సుబ్బరాజుగారు వచ్చారు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. కుర్రాళ్ళు డీజే కావాలంటున్నారు. మీరలా నీడన కూర్చుంటారా?"

పెద్దమనిషి అడిగితే కాదనడం పెదనాన్నకు చేతకాదు. తల వంచి, సరేనండీ అన్నట్టు మా గోదావరి మాటలో "ఆయ్" అన్నారు.

వెనకున్న శ్యామ్ బాబుకి ముందు మాటలు వినపడలేదు. ఆ ఒక్క ముక్కే వినపడింది. దరువేశాడు. మిగతా ఆరుగురూ అందుకున్నారు.

చెయ్యెత్తితే ఆగిపోయేవారే. పెదనాన్న చెయ్యెత్తలేదు. క్లారినెట్ పెదాలకు ఆనించారు.

మొదటిసారి పల్లవి అందరికీ తెలిసినట్టే వచ్చింది. రెండోసారి నెమ్మదించింది. మూడోసారి స్వరం పైకి పాకి, తెగిపోతుందేమో అన్నంతసేపు అక్కడే నిలబడి, నవ్వుకుంటూ కిందికి దిగింది. డీజే లారీ మీద కుర్రాడే దిగొచ్చి ఫోనులో వీడియో తీసుకున్నాడు. ఎవరో "డీజే!" అని అరిచారు.

"ఆగరా, నీ గోలొకటి!" అన్నారు పెళ్ళికూతురి నాయనమ్మ భూలక్ష్మిగారు. "ఆయనంత ఊపిరి పోసి వాయిస్తుంటే!"

"ఆ పైకెళ్ళిందే, అది ఇంకోసారండీ మాస్టారూ!" అన్నారు సుబ్బరాజుగారు, కండువా తిప్పుతూ.

గుడి వీధి చివరిదాకా బ్యాండే నడిచింది. లారీ మాట్లాడకుండా వెనకాల వచ్చింది.

సామాను ఆటోలో ఎక్కిస్తూ శ్యామ్ బాబు మస్కట్ ఊసెత్తలేదు. పెదనాన్నే అన్నారు.

"డ్రమ్ముకి కొత్త తోలు వేయించరా. ఓడలరేవు వాళ్ళు పిలిచేరు. సముద్రం హోరు మీద వినపడాలి."