సుభద్రమ్మ చిప్పుల ఫ్యాక్టరీ

ఓవెన్ తలుపు తెరవగానే వెచ్చటి జిగురు వాసన ముఖానికి కొట్టింది. కొత్తగా చేరిన అమ్మాయిలు ముక్కు మూసుకుని వెనక్కి జరిగారు. బెంగళూరు శివార్లలో నేను పనిచేసే కంపెనీ పోయిన నెలలో ఒక కొత్త విభాగం తెరిచింది. సన్నటి సిలికాన్ ముక్కల్ని రాగి చట్రాలకు అంటించి, జిగురు గట్టిపడేదాకా ఓవెన్లో కాల్చే చోటు అది. చిప్పు తయారీలో అదొక మెట్టు. ఇప్పటి యంత్రాలకు వాసనను పీల్చేసే గొట్టాలుంటాయి కాబట్టి అది మనిషి దాకా రాదు. ఆ రోజు గొట్టం ఇంకా బిగించలేదు. అందరూ దూరం జరిగితే నేనొక్కదాన్నే అక్కడ నిలబడి గుండెల నిండా పీల్చుకున్నాను. ప్రొద్దుటూరులో రేకుల కప్పు కింద, ఎండకు ఓవెన్‌కూ గోడకూ తేడా తెలియని ఒక గదిలో, చీరమీద తెల్లకోటు తొడుక్కున్న సుభద్రమ్మ ఇదే వాసనలో నాకు పని నేర్పింది.

ఆమెను మీరు చూసి ఉండరు. పేపర్లలో ఆమె ఫొటో పెద్దగా వచ్చింది లేదు. జమ్మలమడుగు పక్క పల్లెలో భూములున్న రెడ్ల ఇంటి ఆడబిడ్డ. ఆ ఇంట్లో మగవాళ్లు తుపాకులు తుడుచుకుంటూ కూర్చునే రోజుల్లో ఆమె బెంగళూరులో ఇంజనీరింగు చదివింది, అక్కడే ఒక ప్రయోగశాలలో చాలాకాలం చిప్పుల మీద పనిచేసింది. జుట్టు నెరుస్తున్న వయసులో ఉద్యోగం వదిలేసి ప్రొద్దుటూరు వచ్చి ఫ్యాక్టరీ పెట్టింది. ఎందుకిక్కడ అని అడిగినవాళ్లకు ఒకటే మాట చెప్పేది. చిప్పు లోపల కలిపే తీగ బంగారంతో చేసినది, తల వెంట్రుక కన్నా సన్నం. ప్రొద్దుటూరులో బంగారు పని చేసే ఇళ్లున్నాయి, ఆ ఇళ్లలో ఆడపిల్లల చేతులకు సన్నపని పుట్టుకతో వస్తుంది. అంతకన్నా కావలసిందేముందని ఆమె లెక్క. ఊరు మాత్రం దాన్ని చిప్పల ఫ్యాక్టరీ అనింది. టెంకాయ చిప్పలేమో అనుకుని కొబ్బరి బండితో గేటు దాకా వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ఈమె చేతికి చివరికి చిప్పే మిగుల్తాదని నవ్వుకునేవారు.

నాది లింగాల. మా నాయన గొర్రెల కాపరి. కడపలో డిప్లొమా చదివి, ఉద్యోగం దొరక్క ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఎవరో చెబితే ఆ గేటు దాకా వెళ్లాను. ఆమె నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, మా ఇంటి సంగతులు అడిగింది.

"మందలో ఒక గొర్రె తప్పిపోతే మీ నాయనకు ఎట్ల తెలుస్తాది? లెక్కబెడతాడా?"

"లెక్కబెట్టడు మేడమ్. మందను చూస్తానే తెలుస్తాది. ఏది లేదో కూడా చెప్తాడు."

"నీకు?"

"నాకూ తెలుస్తాది."

"అయితే రేపట్నుంచి రాప్పా. నాకు గావాల్సింది ఆ చూపే." ఆడపిల్లనైనా అప్పా అనే పిలిచింది. కోపమొచ్చినా ప్రేమొచ్చినా ఆమె నోట అదే మాట. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, తయారైన ముక్కల్లో మంచివీ చెడ్డవీ వేరుచేసే పని నాకప్పగించింది.

మేం చేసిన చిప్పు దేనికో చెప్పాలి. మా వైపు నేలంతా బోర్ల మీద బతికే నేల. మోటారుకు మూడు ఫేజుల కరెంటు, అంటే మూడు తీగల్లో వచ్చే కరెంటు, కావాలి. అందులో ఒకటి పోయిందంటే మోటారు తిరగలేక మూలుగుతూ కాసేపటికే కాలిపోతుంది. మోటారు కాలితే చీనీ తోట, అదే బత్తాయి తోట, ఎండుతుంది, చీనీ తోట ఎండితే ఇల్లు కూలుతుంది. ఫేజు పోయిన క్షణాన మోటారును దానంతటదే ఆపేసే చిప్పుకు సుభద్రమ్మ నమూనా గీసింది. మోటారును నడిపే స్టార్టరు పెట్టెలో ఆ చిప్పు ఉంటే రైతు నిశ్చింతగా నిద్రపోవచ్చు. బయటి దేశాల చిప్పులూ ఆ పని చేసేవి. కానీ అవి నిండు కరెంటుకు అలవాటు పడ్డవి. మా పల్లెల్లో వోల్టేజీ కొంచెం తగ్గగానే ఊరికే ఆగిపోయేవి. విసుగెత్తిన రైతు వాటిని తప్పించి నేరుగా తీగ కలుపుకునేవాడు. అంతే, మోటారు కాలేది. మా నేల కరెంటు ఎట్లా ఉంటుందో తెలిసి చేసిన చిప్పు ఆమెదొక్కటే.

ఫ్యాక్టరీలో రమాదేవి, ఓబులమ్మ అని ఇద్దరు పక్కపక్కన కూర్చుని బంగారు తీగ కలిపేవారు. వాళ్ల రెండు పల్లెల మధ్య ఎప్పటినుంచో పగలున్నాయి. ఒక పల్లె ఒక పార్టీ, ఇంకో పల్లె ఇంకో పార్టీ. పార్టీలు పైన మారినా కింద పగలు మారేవి కావు. ఒకరోజు ఓబులమ్మ పల్లెలో మనిషిని నరికారు. మరుసటి రోజు దుకాణాలు మూశారు, బస్సులు లేవు. సుభద్రమ్మ ఫ్యాక్టరీ వ్యాను తీయించి, డ్రైవరు పక్కన తాను కూర్చుని, ముందు ఒక పల్లెకూ తర్వాత ఇంకో పల్లెకూ వెళ్లి అమ్మాయిలను ఎక్కించుకొచ్చింది. నేను వెనక సీట్లో ఉన్నాను. ఓబులమ్మ ఎక్కేసరికి లోపల రమాదేవి ఉంది. కాసేపటికి రమాదేవి జరిగి చోటిచ్చింది. ఓబులమ్మ కూర్చుంది, కూర్చున్నాక ఏడ్చింది, రమాదేవి ఆమె చేయి పట్టుకుని కిటికీలోంచి బయటికే చూస్తూ ఉండిపోయింది.

ఆ వారంలోనే పాలక పార్టీ నాయకుడి మనిషి ఫ్యాక్టరీకి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, ఆ ఎదుటి పార్టీ పల్లె పిల్లోల్లను తీసేయమని అన్న చెప్పమన్యాడు. మన పక్కోల్లు శానామంది ఉండారు గదా, వాళ్లను పెట్టుకో."

"మన పక్క అంటే యాపక్క?" అంది సుభద్రమ్మ.

"అదేందక్కా, నువ్వు మనింటి ఆడబిడ్డవి గదా."

"నా ఫ్యాక్టరీలో రెండే పక్కలప్పా. తీగ అతుక్కునేది ఒక పక్క, అతుక్కోనిది ఒక పక్క. ఆ పిల్లోల్ల తీగ అతుక్కుంటాంది. ఇంగ నువ్వు టీ తాగి పో."

అతను టీ తాగకుండానే పోయాడు. ఆమె భయపడలేదని చెబితే అబద్ధమవుతుంది. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని ఓవెన్ వైపు నడిచిందంతే.

అసలు కష్టం తర్వాత వచ్చింది. బయటి దేశాల చిప్పులు మరీ చౌకగా దొరకడం మొదలైంది. స్టార్టర్లు చేసే కంపెనీలు ఒక్కొక్కటే మా దగ్గర కొనడం మానేశాయి. కరెంటు కోతలకు ఓవెన్ మధ్యలో ఆగిపోయి సరుకు పాడయ్యేది. వారంలో సగం రోజులే పని ఉండేది. సుభద్రమ్మ ప్రభుత్వాన్ని రెండే కోరింది. రైతులకు ఇచ్చే స్టార్టర్లలో ఇక్కడ తయారైన చిప్పునే పెట్టాలని, ఫ్యాక్టరీకి వేరే కరెంటు లైను వేయాలని. హైదరాబాదుకు ఎన్నిసార్లు తిరిగిందో. ప్రతిసారీ ఎవరో ఒకరు, మీ నాయకుడితో ఒక మాట చెప్పించండమ్మా అనేవారు. పాలక పార్టీ నాయకుడి దగ్గరికి వెళితే, గేటు మీద మా జెండా కట్టు, తర్వాత చూద్దామన్నాడు. ఎదుటి పార్టీ నాయకుడు, మా సభలో వేదిక మీద కూర్చుని ప్రభుత్వాన్ని నాలుగు మాటలు తిట్టు, మేం గెలిచినాక నీ పనే మొదటిదన్నాడు. రెండూ కాదని వచ్చేసింది.

ఫ్యాక్టరీ మూతపడుతుందని అందరికీ తెలిసిపోయింది. అప్పుడామె ఎవరూ ఊహించని పని చేసింది. గోదాములో మిగిలిన చిప్పులన్నీ స్టార్టర్లలో పెట్టించి, పులివెందుల చుట్టుపక్కల చీనీ తోటల్లో ఉచితంగా బిగించింది. ఒక పల్లెలో పెడితే దానితో పగ ఉన్న పల్లెలోనూ పెట్టింది. నేనూ ఆమెతో వెళ్లాను. ఆమె తోటలో దిగగానే ముందు బోరు దగ్గరికి పోయేది. రైతు ఎవరి మనిషని అడిగేది కాదు. ఆ ఎండాకాలం కరెంటు ఎప్పటిలాగే పోతూ వస్తూ ఉంది. మేం బిగించిన మోటార్లు మాత్రం కాలలేదు.

వానలకు ముందు వ్యవసాయం చూసే మంత్రి పులివెందుల మార్కెట్ యార్డుకు రైతుల సమావేశానికి వచ్చాడు. కోస్తా మనిషి. వేదికకు ఒక చివర పాలక పార్టీ నాయకుడు, ఇంకో చివర ఎదుటి నాయకుడు, బయట జీపుల్లో ఇద్దరి మనుషులు. సుభద్రమ్మ వేదిక ముందు సిమెంటు తొట్టి పక్కన మోటారు పెట్టించి, రెండు స్టార్టర్లు బిగించింది, ఒకటి బయటి చిప్పుది, ఒకటి మాది. వేదిక మీద కూర్చున్న ఒక అధికారికి ఇది నచ్చలేదు. చౌకగా మంచి సరుకు దొరుకుతుంటే ఇవన్నీ ఎందుకన్నాడు.

సుభద్రమ్మ నా వైపు తిరిగింది. "లింగాల పాపా, నువ్వు చెప్పు."

"నేనా మేడమ్?"

"ఆ చిప్పును చూసి బాగుందని పంపించింది నువ్వే గదా. నీకన్నా ఎవురికి తెలుసు? మన మాటల్లోనే చెప్పు."

ముందు వరసలో తలపాగాలు చుట్టుకున్న రైతులు కనిపించారు, అచ్చం మా నాయనలాంటివాళ్లు. వాళ్లకు చెబుతున్నట్టే మొదలుపెట్టాను. "మన పల్లెల్లో కరెంటు ఎట్ల వస్తాదో ఇప్పుడు అట్ల తగ్గిస్తాండా, చూడండి" అని పక్కనున్న వోల్టేజీ తగ్గించే పెట్టె పిడిని తిప్పాను. వోల్టేజీ కొంచెం తగ్గిందో లేదో బయటి చిప్పు స్టార్టరు ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ ఆగింది. వెనకనుంచి ఒక పెద్దాయన లేచి, "ఇదే, దీన్నే మేం తీగేసి తప్పించేది" అన్నాడు. యార్డంతా నవ్వింది. తర్వాత మా స్టార్టరు పెట్టాను. అంతే వోల్టేజీ, మోటారు తిరుగుతూనే ఉంది, తొట్టిలో నీళ్లు పడుతూనే ఉన్నాయి. ఇక మిగిలింది అసలు పరీక్ష. మూడు ఫేజుల్లో ఒకదాన్ని తీసేయాలి. ఆగకపోతే ఇంతమంది ముందు మోటారు పొగలేస్తుంది, మా బతుకులు అక్కడితో సరి. సుభద్రమ్మ తలూపింది. ఫ్యూజు లాగేశాను. టక్కుమని స్టార్టరు ఆగిపోయింది. నీళ్లు ఆగాయి. ఆ వెంటనే యార్డంతా చప్పట్లు.

మంత్రి ముందుకు వంగి, "బాగుందండీ. ఇంతకీ మీరెవరి తరఫున వచ్చారు?" అని సుభద్రమ్మను అడిగాడు.

రెండు చివరల్లోని నాయకులూ ఆమె వైపే చూశారు. ఆమె తొందరపడలేదు.

"మోటార్లు కాలిపోయినోల్ల తరఫున వచ్చినాం సార్. వాళ్లు రెండు పక్కలా ఉండారు." యార్డు వైపు తిరిగింది. "ఈ చిప్పు పెట్టుకున్నోల్లు ఒకసారి లేయండప్పా."

ముందు ఒకరిద్దరు లేచారు. తర్వాత ఎడమవైపు గుంపు, తర్వాత కుడివైపు గుంపు. ఒకరి ముఖం ఒకరు చూడని పల్లెల మనుషులు ఒకేసారి నిలబడ్డారు. ఆ దృశ్యం చూశాక పాలక పార్టీ నాయకుడు మైకు అందుకుని ఇది మా ప్రాంతం ఫ్యాక్టరీ అన్నాడు. ఆయన కూర్చోకముందే ఎదుటి నాయకుడు లేచి, ఇలాంటి ఫ్యాక్టరీని ఇన్నాళ్లు ఎవరు ఎండబెట్టారో చెప్పాలన్నాడు. నిన్నటిదాకా తలుపులు మూసినవాళ్లు ఆ రోజు మా కోసం వంతులేసుకుని మాట్లాడారు. సుభద్రమ్మ తన రెండు కోరికలూ అందరి ముందే అడిగింది, మంత్రి అక్కడే మాటిచ్చాడు. హైదరాబాదు వెళ్లాక మాట తప్పలేదు. ఆ పంటకాలం నుంచి మా ప్రాంతానికి ఇచ్చే స్టార్టర్లలో మా చిప్పే పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. ఆపై ఫ్యాక్టరీకి వేరే లైను వచ్చింది.

లైను వచ్చిన రోజు రెండు పార్టీలూ గేటుకు రెండు వైపులా బ్యానర్లు కట్టాయి, తెచ్చింది మేమంటే మేమని. సుభద్రమ్మ సాయంత్రం దాకా వాటి జోలికి పోలేదు. అందరూ వెళ్లాక విప్పించి, ఉతికించి, కుట్టించి మైక్రోస్కోపులకు దుమ్ము పడకుండా ముసుగులు చేయించింది. శానా గట్టి బట్టప్పా అని మెచ్చుకుంది కూడా. స్విచ్చు వేయమని రమాదేవినీ ఓబులమ్మనూ పిలిచింది. ఇద్దరూ కలిసి వేశారు. ఫ్యాక్టరీ రెండింతలైంది. నేను అక్కడ చాలాకాలం పనిచేసి, ఆమె చెబితేనే బెంగళూరు వచ్చాను. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది.

మార్కెట్ యార్డు సమావేశం రోజు పులివెందుల నుంచి తిరిగొస్తూ గండి దగ్గర వ్యాను ఆపి ఏటి ఒడ్డున కాసేపు కూర్చున్నాం. పాపఘ్నిలో నీళ్లు సన్నగా పారుతున్నాయి. నాయకుల ముందే మంత్రిని అంత ధైర్యంగా ఎట్లా అడిగావు మేడమ్ అన్నాను.

"అడుక్కోడం వేరు, అడగడం వేరప్పా. మన చేతిలో మంచి పని ఉంటే అడగాల. తల ఎత్తి అడగాల. అది లేకుంటే ఎంత వంగినా అడుక్కోడమే."

నిరుడు ఢిల్లీలో ఒక పెద్ద సమావేశం జరిగింది. దేశంలో చిప్పులు చేసే కంపెనీలకు ప్రభుత్వం ఎలా తోడు నిలవాలో మాట్లాడటానికి మా బెంగళూరు కంపెనీనీ పిలిచారు, దాని తరఫున నేను వెళ్లాను. నా వంతు రాగానే పక్కనున్న పెద్దమనిషి, కొంచెం వినయంగా చెప్పండి, పని అవుతుంది అని చెవిలో అన్నాడు. నేను లేచాను. మేం చేసిన చిప్పును బల్ల మీద పెట్టాను. అది ఏం చేస్తుందో చెప్పాను, మాకేం కావాలో చెప్పాను, తల వంచకుండా అడిగాను. అడిగినంతా ఇచ్చారు. ఇవ్వకపోయినా అలాగే అడిగేదాన్ని.