చుక్కను ముందుగా పంపిన ఏడాది

మొన్న మా అమ్మాయి నాకు కొత్త ఫోను తెచ్చిచ్చి, పాతదాంట్లోని ఫోటోలన్నీ అందులోకి ఎక్కిస్తూ ఒక దగ్గర ఆగిపోయింది. "అమ్మా, గీ గొర్రె మొకమేందే? దేవుళ్ల ఫోటోల నడుమ దాసుకున్నవు. తీసెయ్యాల్నా?" అంది. నేను చెరుగుతున్న చాటలోని బియ్యం పక్కన పెట్టి, "తియ్యకు" అన్నాను, కొంచెం గట్టిగానే. అది బిత్తరపోయి నా మొహం చూసింది. ఆ ఫోటో వచ్చిననాడు అది ఐదో తరగతి. అప్పుడు ఇంట్లో పెద్ద లొల్లి అయిందనీ, వాళ్ల నాయిన బస్సులో గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకొని వచ్చాడనీ మాత్రమే దానికి గుర్తు. మేము ఊరు విడిచి, రాష్ట్రం విడిచి, తెలుగు విడిచి వెళ్లిపోవడానికి ఎంత దగ్గరగా వచ్చామో దానికి తెలియదు. చెప్పాలనిపించి కూర్చుని రాస్తున్నాను.

నేను బడి గడప తొక్కలేదు. మా బాపు గొర్రెల వెంట తిరిగేవాడు. నేను ఆయన వెంట తిరిగేదాన్ని. మంద ఎండకు చెట్టు నీడన పండుకున్నప్పుడు వాగు ఇసుకలో కట్టెతో అక్షరం రాసేవాడు, నేను వేలితో దిద్దేదాన్ని. ఏదైనా గొర్రె దాని మీదుగా నడిచిపోతే మళ్లీ మొదటి నుంచి. 'ఋ' అనే అక్షరం నాకు ఇప్పటికీ సరిగా రాదు, ఆ రోజు మందకు కుక్క అడ్డం వచ్చింది. ఆ తర్వాత చదివిందంతా పారాయణం పుస్తకాల్లో, పొట్లాలు కట్టిన పేపర్లలో. పెళ్లినాడు బాపు నాకు ఇంకా ఈనని పడుచు గొర్రెనొకదాన్ని ఇచ్చాడు. మాలో అదొక పద్ధతి: ఆడపిల్ల వెంట పుట్టింటి గొర్రె ఒకటి పోతుంది, దాని ఈతలన్నీ ఆ పిల్లవే, మగడైనా అడగకుండా అమ్మకూడదు. ఆ గొర్రె మనుమరాలే చుక్క. నుదుటి మీద తెల్లని బొట్టు ఉండేది కాబట్టి ఆ పేరు. ఎంత ఎండ కొట్టినా, ఎంత దూరం నడిపించినా కుంటకుండా మందకు ముందు నడిచేది.

మక్తల్ దిక్కు మా ఊరు. రాష్ట్రం వచ్చిన నాలుగైదేళ్లకు మా పొలాలకు కాలువ నీళ్లు వచ్చాయి. దేవుడి దయ, అబద్ధం చెప్పకూడదు, నా కళ్లతో చూశాను, ముసలివాళ్లు కాలువలో దిగి నీళ్లు నెత్తిన చల్లుకున్నారు. మేమూ కొబ్బరికాయ కొట్టాం. కానీ బీళ్లన్నీ మళ్లయ్యాయి. ఏడాదికి ఒక పంట వేసే చోట రెండు వేశారు. వానాకాలం పోగానే గొర్రెలను తోలే జాగాలన్నీ పచ్చగా కళకళలాడుతుంటే, మా గొర్రెలకు ఆ పచ్చదనం మీద నోరు పెట్టే హక్కు లేదు. అంతకుముందు "మా చేన్ల మంద వెట్టు తమ్మీ, జర ఎరువయితది" అని బతిమాలిన రైతే, మా మంద ఒకనాడు నారుమడిలో పడినప్పుడు కట్టె పట్టుకొని ఇంటిమీదికి వచ్చాడు. ఆయన తప్పు లేదు. మాదీ లేదు. గొర్రెలది అసలే లేదు. ఆ సాయంత్రం మా ఇంటాయన అన్నం ముందు కూర్చుని, "గీ ఊర్ల ఇగ మనకు జాగా లేదు" అన్నాడు. ఏదో కోపంలో అన్నాడనుకున్నాను.

ఆయనకు ఒక దోస్తు ఉన్నాడు. మా పక్క ఊరివాడే, ఉన్న రెండెకరాలు అమ్ముకొని ఛత్తీస్‌గఢ్‌లో అడవి అంచున పదెకరాలు కొని, వరి, మిరప వేస్తున్నాడు. ఫోనులో ఆయన మాట్లాడితే స్పీకరు అక్కర్లేదు, వాకిట్లో ఉన్న నాకు వినిపించేది. "అన్నా, ఆడ ఏముందని గుంజుకుంటున్నవు? ఈడ మోకాళ్ల మంటి గడ్డి. కొన్నోడే రాజు. నా పక్క జాగ అమ్ముతున్నరు. నువ్వొస్తె నాకు తెలుగు మాట్లాడే మనిషి దొరుకుతడు." చివరి మాట నాకు బాణంలా గుచ్చుకుంది. తెలుగు మాట్లాడే మనిషి దొరకని చోటికి నా బిడ్డను తీసుకుపోవడమా? బాపు ఇసుకలో దిద్దించిన అక్షరాలు నాతోనే ఆగిపోవాలా? మా ఇంటాయన ఊరుకునే రకం కాదు. చూసి రావాలన్నాడు. వెంట తన తండ్రిని తీసుకుపోతానన్నాడు.

మా మామ సంగతి చెప్పాలి. ఆయనకు మనుషులతో కన్నా గొర్రెలతో మాటలు ఎక్కువ. వంద గొర్రెల్లో ఏది ఎవరి బిడ్డో చెప్పేవాడు గానీ, చుట్టాల పెళ్లిలో వియ్యంకుడిని చూసి "నువ్వు ఎవలవు తమ్మీ?" అని అడిగిన మనిషి. వాళ్లిద్దరూ వెళ్లి వారం తర్వాత వచ్చారు. మా ఇంటాయన మొహం దీపంలా వెలుగుతోంది. మామ మాత్రం గొంగడి దండెం మీద వేసి, చాయ్ తాగి, ఏమీ మాట్లాడకుండా మంద దగ్గరికి పోయాడు. గొంగడి దులుపుదామని తీస్తే మడతలో పిడికెడు ఎండుగడ్డి ఉంది. అంత పొడుగు గడ్డి నేను చూడలేదు. ఆయన మౌనాన్ని, ఆ గడ్డిని కలిపి చదువుకొని, మామకు ఆ జాగా నచ్చలేదని నేను తీర్మానించుకున్నాను. దేవుడా, ఇంట్లో నాకొక తోడు దొరికాడని దండం పెట్టుకున్నాను.

రెండు రోజుల తర్వాత మామ ఒక్క మాట అన్నాడు. "గడ్డి మంచిగుంది. నీళ్లు మంచిగున్నయి. గని గొర్రె ఒక్కటి కానరాలె. మేకలున్నయి, బర్లున్నయి. గంత గడ్డి వెట్టుకొని గొర్లెందుకు సాదుతలేరు?"

"వాళ్లకు సాదుడు రాదు నాయినా," అన్నాడు మా ఇంటాయన.

"అయితుండొచ్చు. గని మందనంత ఒక్కసారే తోలొద్దు. రెండిటిని ముందుగాల పంపి, వానకాలమంత ఉంచి సూద్దం." అని, నా వైపు తిరిగి, "బిడ్డా, నీ చుక్కనిస్తవా? అది ఆగిన కాడ మంద మొత్తం ఆగుతది," అన్నాడు.

చుక్క అప్పటికి రెండు నెలల సూడిది. వద్దంటే వద్దనే హక్కు నాకుంది. కానీ వద్దంటే, ఈమె మొదటి నుంచీ అడ్డుపడుతోందని మాట పడతాను. సరేనన్నాను. జూన్‌లో దోస్తు చుట్టాల పెళ్లికి సొంత బండిలో వచ్చి, పోతూ పోతూ చుక్కనూ, తోడుగా ఇంకొక గొర్రెనూ ఎక్కించుకున్నాడు. బొట్టు పెట్టి పంపాను. బండి మలుపు తిరిగేదాకా అది నన్నే చూస్తూ అరిచింది.

ఇక ఆ వానాకాలం మా ఇంట్లో ఎట్లా గడిచిందో చెప్పడం కష్టం. అక్కడి భూమి ఆసామి దసరా లోపల మాట చెప్పమన్నాడు. ఇక్కడ మా రెండెకరాలు కొంటానన్న మనిషి రెండుసార్లు టేపుతో వచ్చి కొలుచుకొని పోయాడు. మూడోసారి నేను మంచినీళ్లు కూడా ఇవ్వలేదు, ఆ పాపం నాదే. మా ఇంటాయన అమ్మాయికి హిందీ అంకెలు నేర్పుతుంటే, నేను పంతానికి పోయి పక్క గదిలో గుణింతం గట్టిగా చదివించేదాన్ని. అది బిక్కమొహం వేసుకొని అటు కొంత, ఇటు కొంత చదివేది. భార్యాభర్తలం అవసరం ఉంటేనే మాట్లాడుకునేవాళ్లం. పొద్దున్నే దీపం పెట్టి మా మందల దేవుడు బీరప్పకు మొక్కేదాన్ని: తండ్రీ, మమ్మల్ని ఇక్కడే ఉంచు, కాయ కొడతాను. మొక్కడం అయ్యాక గాని తెలిసేది కాదు, నేను అడుగుతున్నదేమిటో. చుక్క అక్కడ బాగుంటే మేము పోవాలి. మేము ఉండాలంటే చుక్క బాగుండకూడదు. నా పుట్టింటి గొర్రెకు కీడు జరగాలని రోజూ దీపం పెట్టి మరీ మొక్కుతున్నాను. తెలిశాక కూడా ఆపలేదు.

వారానికోసారి దోస్తుకు ఫోను చేయించేదాన్ని. "మస్తుగున్నది వదినా, మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. ఆడపిల్లను ఈనింది. గీడనే ఇల్లు గట్టుకునేటట్టున్నది," అనేవాడు. నేను సంతోషించినట్టు మాట్లాడి ఫోను పెట్టేసి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకునేదాన్ని.

దసరాకు పదిరోజుల ముందు ఒక పొద్దున ఆ ఫోటో వచ్చింది. మా ఇంటాయన పీట మీద కూర్చుని జొన్న గట్క తింటున్నవాడల్లా లేచి, ఎంగిలి చేత్తోనే ఫోను పట్టుకొని కేకేశాడు. "సూడుండ్రి! నాయినా, రా! చుక్కకు చెంపలు ఎట్లొచ్చినయో సూడు. గీడ ఉన్నప్పుడు ఎముకల గూడు!" నిజమే. మొహం నిండుగా, గుండ్రంగా ఉంది. నుదుటి బొట్టు మెరుస్తోంది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. అయిపోయింది, పోవడమే అనుకున్నాను. అప్పుడే మనసులో సామాను సర్దడం మొదలుపెట్టాను, దేవుని పటాలు ముందు, రోలు వద్దు, అంత బరువు ఎవరు మోస్తారు.

మామ నింపాదిగా వచ్చి ఫోను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. చూపు సరిగా ఆనదు. వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత బొటనవేలిని చుక్క గడ్డం అడుగున, గదుమ కింద పెట్టి, నిజం గొర్రెను పట్టి చూసినట్టు, నెమ్మదిగా నొక్కాడు. ఫోటో మాయమై పక్క ఫోటో వచ్చింది, దోస్తు మిరపచేను. "అరె, యాడికి వోయింది?" అన్నాడు. అమ్మాయి నవ్వుతూ మళ్లీ తీసి పెద్దది చేసి ఇచ్చింది. ఈసారి నొక్కలేదు. చాలాసేపు చూసి, ఫోను కొడుకు చేతికిచ్చాడు.

"గది కండ కాదురా. గదుమ కింద నీరు దిగింది. బురద నీళ్లల్ల గడ్డి మేస్తె కార్జంల జలగ వడ్తది. గందుకే ఆడ గొర్లు లెవ్వు. పోయి పట్కరా పో, ఇంక పానంతోటి ఉంటె."

"ఫోటోల సూసి రోగం జెప్తవా? నువ్వు డాక్టరువా?" మా ఇంటాయన గొంతు పెరిగింది. "మొదటికెళ్లి నీకు ఇష్టం లేదు. నీకు లేదు, గీమెకు లేదు. ఇద్దరు కలిసి నా కాళ్లకు తాడు కడ్తున్నరు."

ఆయన అన్నదాంట్లో నా వరకు అబద్ధం లేదు. మా ఇంటాయన గట్క అట్లాగే వదిలేసి, చొక్కా వేసుకొని, ఆ మధ్యాహ్నమే బస్సెక్కాడు.

ఆయన పోయిన మూడోనాడు మంద దొడ్డి ఊడుస్తూ మామ దగ్గర బయటపడ్డాను. "మామా, నేను తప్పు జేసిన. పోవద్దని బీరప్పకు మొక్కిన. చుక్కకు గట్లయింది నా మొక్కుతోనే" అని ఏడ్చాను.

ఆయన గొర్రెపిల్ల గిట్టలోంచి ముల్లు తీస్తున్నాడు. తల ఎత్తకుండా, "నేను గూడ మొక్కిన బిడ్డా. పోవాల్నని," అన్నాడు.

చీపురు పక్కన పెట్టి ఆయన ముందు కూర్చున్నాను.

"గా గడ్డి సూసినవా? పుట్టి బుద్ధెరిగి నేను గంత గడ్డి సూడలె. మందను ఆడ ఇడిసి, ఒక చెట్టు కింద కూసోని సావాల్నని మస్తు మనసైంది నాకు."

"మరి ఎందుకు జెప్పినవు మామా? చెప్పకుంటె పోతుంటిమి గద!"

"నోరు లేనిది. దాని మొకం సూసి అబద్ధమెట్ల ఆడ్తరు?" అని ముల్లు తీసి అవతల పారేశాడు.

మా ఇంటాయన ఐదోనాడు వచ్చాడు. తోడు గొర్రె నెల కిందనే పోయిందట. పాము ముట్టిందనుకొని దోస్తు మాకు చెప్పలేదు. పాపం ఆయన పంటల మనిషి, గొర్రె సంగతి ఆయనకేం తెలుసు. చుక్క ఈయన చేరిన తెల్లారి పోయింది. అప్పటిదాకా తల ఈయన మోకాలి మీదే పెట్టుకుందట. దాని పిల్లను తువ్వాలులో చుట్టి, సీసాతో పాలు తాపుకుంటూ, మూడు బస్సులూ ఒక రైలూ మారి తెచ్చాడు. ఒక కండక్టరు సగం టికెట్టు కొట్టాడని చెప్పి, చెబుతూనే ఏడ్చాడు. పిల్లను నా ఒళ్లో పెట్టి, "నీదే," అన్నాడు. చాలా నెలలకు ఆయన నాతో మామూలుగా మాట్లాడిన మొదటి మాట అది. భూమి మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. ఆ దసరా దాటిపోయింది.

మేము చేసింది మంచిదేనా అంటే నాకు ఇప్పటికీ తెలియదు. దోస్తు అక్కడ చల్లగా ఉన్నాడు, ఇరవై ఎకరాలయ్యాయి. మేము మందను సగానికి తగ్గించి, ఒక ఎకరంలో కాలువ నీళ్లతో గడ్డి పెంచి, కోసి వేసి సాదుతున్నాం. దోస్తు చేను ఫోటోలు పంపినప్పుడు మా ఇంటాయన ఒక్కసారి చూసి ఫోను జేబులో పెట్టుకుంటాడు. ఆ పిల్లను మేమంతా 'ఛత్తీస్‌గఢ్‌ది' అని పిలిచాం, మా ఇంట్లో పరరాష్ట్రంలో పుట్టింది అదొక్కటే కదా. ఇప్పుడు మందలో సగం దాని సంతానమే. మామ నాలుగేళ్ల కింద పోయాడు. అంతకుముందే ఒకసారి బీరప్ప గుడికి పోయి రెండు కాయలు కొట్టాను: ఒకటి నాకు దక్కినదానికి, ఒకటి ఆయనకు దక్కనిదానికి. పూజారి "రెండెందుకమ్మా?" అంటే, ఇంట్ల ఇద్దరం మొక్కినం అన్నాను.

కొత్త ఫోనులో ఆ ఫోటో ఎక్కాక, నేను బొటనవేలిని చుక్క గదుమ కింద పెట్టి నొక్కి చూశాను. పక్క ఫోటో వచ్చింది. "గట్ల గాదమ్మా, రెండు వేళ్లతోని," అని మా అమ్మాయి నవ్వి పెద్దది చేసి ఇచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ నా మొక్కు నా కళ్లకే చిన్నదైపోతోంది. ఆ ముసలాయన బొటనవేలు మాత్రం పెద్దదవుతూనే ఉంది.