గడప దాకా వచ్చిన సారు

ముత్యమ్మ గుమ్మడిదల దగ్గరి మందుల ఫ్యాక్టరీలో డబ్బాలకు లేబుళ్లు అంటించేది. నాది పక్క స్టూలే. కొత్తవాళ్లు ఎవరు చేరినా టీ వేళకు, "నేను సిన్మల చేసిన, ఎరుకేనా?" అని మొదలుపెట్టేది. మేం కిసుక్కున నవ్వేవాళ్లం. ఆ సినిమా ఏ టాకీసులోనూ ఆడలేదు మరి.

కానీ ఆమె చెప్పింది నిజమే. ఎనభై ఆరులో హైదరాబాదు నుంచి కొందరు కుర్రవాళ్లు వచ్చి, చందాల డబ్బుతో ముత్యమ్మ వాళ్ల ఊరి బడిలో సినిమా తీశారు. చదువు మానేసిన పిల్లను మళ్లీ బడికి తెచ్చేందుకు ఒక సారు పడే తిప్పలే కథ. పిల్ల వేషం ఆరో తరగతి ముత్యమ్మది. తల్లి వేషం ఆమె సొంత తల్లి ఆగమ్మది. సారు వేషగాడు గడప ముందు నిలబడి పిల్లను పంపమంటాడు. తల్లి కసిరి తలుపేసుకోవాలి.

ఆగమ్మకు అది చేతకాలేదు. కెమెరా తిరగ్గానే చెంబుతో నీళ్లు తెచ్చి, "ఎండల వడి వచ్చిన్రు, కూసోన్రి సారూ. పొల్లను తోలిస్త తియ్యిన్రి" అనేసేది. డైరెక్టరు బతిమాలాడు, కోప్పడ్డాడు.

"గడపకొచ్చిన సారును ఎట్ల ఎల్లగొడ్త బిడ్డా? నాతోని గాదు" అంది.

చివరికి కథే మార్చుకున్నాడు పాపం.

మరుసటేడు తండ్రి మంచాన పడ్డాడు. ముత్యమ్మను బడి మాన్పించి కూలికి తీసుకుపోయింది ఆ ఆగమ్మే. ముత్యమ్మ ఏడవలేదు. బడి సారు వచ్చి అడుగుతాడని ధీమా. పొద్దున్నే జడ వేసుకుని, పుస్తకాల సంచి గడప పక్కనే పెట్టుకునేది. సారు రోజూ ఆ వాడలోంచే సైకిలు మీద పోయేవాడు. ఆ మహానుభావుడికి బెల్లు కొట్టడం వచ్చు గానీ బ్రేకు వేయడం రాదు. నేనా మనిషిని చూడనైనా లేదు, అయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

రెండు వేల మూడులో సంగారెడ్డిలో ఎవరో సినిమా పిచ్చివాళ్లు ఒక కాలేజీ హాల్లో ఆ బొమ్మ వేస్తున్నారని తెలిసి, ఇద్దరం సెలవు పెట్టి వెళ్లాం. ఆగమ్మ పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు. తెర మీద చెంబు పట్టుకుని ఆమె బయటికి రాగానే ముత్యమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పొల్లను తోలిస్త తియ్యిన్రి" అంది ఆగమ్మ. పిల్ల సంచి తగిలించుకుని సారు వెనకాలే నడిచిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

బస్టాండులో కూర్చున్నాక ముత్యమ్మ అంది.

"మా అమ్మను సూసినవ్ గద అక్కా? గడపకొచ్చినోళ్లను కాదననే అనది. మా సారు ఒక్కపారి వస్తే అయిపోతుండె."